ఆషాఢంలనే కోటు కుట్టిపిచ్చుకోండ్రి: ఇంటర్వ్యూల సీజన్‌కు ముందు మగపిల్లలకు జాగ్రత్తలు

తమ్ముళ్లూ, ఈ ఏడు ఫైనల్ ఇయర్ల ఉన్నోళ్లు జర ఓపికతోని చదువుండ్రి. మా బాపు హన్మకొండల ముప్పై ఏండ్ల సంది దర్జీ పనే చేస్తుండు, నేను ఆ మిషన్ పక్కన కూసొని చదువుకున్నోన్ని, ఇప్పుడు హైదరాబాద్ల ఉద్యోగం, మా ఆఫీసుల కొత్తోళ్లను తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూలకు నన్ను గూడ కూసోపెడుతరు. అందుకని కోటు కుట్టే కాడ ఏడ తప్పు జరుగుతదో తెలుసు, ఆ కోటు ఏసుకొని కుర్చీల కూసున్న పిల్లగాడు ఎంత తిప్పలు పడుతడో గూడ తెలుసు. చదువు మంచిగుండి, మాట మంచిగుండి, గల్ల బిగుసుకుపోయి మాటిమాటికి మెడ తిప్పుకుంట జవాబు మర్చిపోయినోళ్లను చూసిన, పానం కలుక్కుమంటది, ఎందుకంటే అది నెల ముందు చూసుకుంటే తప్పిపోయే కష్టం.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త టైమే. కాలేజీలల్ల ప్లేస్‌మెంట్లు జులై ఆఖరు, ఆగస్టు కాడ మొదలైతై, అదే టైముకు శ్రావణం వస్తది, శ్రావణమంటే పెండ్లిళ్లు, ఇగ అప్పుడు వరంగల్ల, హన్మకొండల ఏ టైలర్ కాడికి పోయినా పెండ్లికొడుకుల కోట్లు, షేర్వానీలే మీద మీద పడి ఉంటై, మీది "రేపు రా తమ్మీ" అనుడే అయితది. ఆషాఢంల ముహూర్తాలు ఉండయి, టైలర్‌కు తీరిక ఉంటది, బట్టల దుకాణాలల్ల తగ్గింపులు గూడ ఉంటై. కొలతలిచ్చినంక పది రోజులకు ట్రయల్, దాని తర్వాత సవరింపులకు ఇంకో వారం, మొత్తం మూడు వారాలు చేతుల పెట్టుకోండ్రి. ట్రయల్ లేకుండ నేరుగ కోటు ఇస్తనంటే ఆడ కుట్టిపియ్యకండ్రి.

అసలు కోటు అవసరమా అనేది ముందు చూడుండ్రి. మెయిల్ల బిజినెస్ ఫార్మల్ అని రాస్తే సూటు, టై రెండూ ఉండాలె. బిజినెస్ క్యాజువల్ అంటే ఫుల్ చేతుల అంగి, ముదురు రంగు ప్యాంటు, బూట్లు చాలు, టై అక్కర్లేదు. ఏం రాయకపోతే ప్లేస్‌మెంట్ ఆఫీసుల అడగండ్రి, సిగ్గుపడేది ఏం లేదు. నా మాటైతే, ఆగస్టు ఉక్కపోతల, అడగని కాడికి కోటు ఏసుకపోవద్దు, శుభ్రంగ ఇస్త్రీ చేసిన అంగి ప్యాంటే చెమటతోని తడిసిన కోటు కంటే ఎంతో మేలు.

రంగు గురించి ఎక్కువ ఆలోచన వద్దు, నేవీ బ్లూ లేకపోతే ముదురు బూడిద రంగు, అంతే. నల్ల సూటు పెండ్లికి, రాత్రి ఫంక్షన్‌కు పనికొస్తది గని పొద్దటిపూట ఇంటర్వ్యూకు అంత నప్పదు. మెరిసే బట్ట వద్దు. అన్న పెండ్లిల కుట్టిపిచ్చిన కోటు ఉంది కదా అని తీస్తరు చాలమంది, దానికి గల్ల మీద శాటిన్ ఉంటది, బంగారు గుండీలుంటై, అది వద్దు తమ్మీ.

బట్ట కొనేటప్పుడు మా తాత చెప్పిన పద్ధతి ఒకటుంది. ఆయన వరంగల్ల ఆజంజాహి బట్టల మిల్లుల పనిచేసిండు, 1934ల పెట్టిన మిల్లు అది, ఇప్పుడు లేదు గని ఆ మిల్లోళ్ల చేతికి బట్ట గురించి తెలిసినంత ఎవ్వలికీ తెల్వదు. బట్ట కొసను పిడికిట్ల పట్టి గట్టిగ నలిపి ఇడిసిపెట్టు, ముడతలు వెంటనే పోతే తీసుకో, అట్లనే ఉంటే పక్కకు పెట్టు అనేటోడు. ఉన్ని కలిసిన టెర్రీవూల్ అయితే ముడత తొందరగ పోతది, ఉత్త పాలిస్టర్ గూడ ముడత పడదు గని గాలి ఆడక ఉడకపెడుతది, అది యాది పెట్టుకోండ్రి. 58 అంగుళాల పన్నా బట్ట మామూలు పొడుగున్నోళ్లకు కోటు ప్యాంటు కలిపి 3.25 మీటర్లు పడుతది. రెండిటికీ ఒకే తానులకెల్లి కోపిచ్చుకోవాలె, వేరే తానుదైతే వెలుతురుల రంగు తేడా కనపడుతది. లోపల లైనింగ్ సగం వరకే వెయ్యమని చెప్పండ్రి, వీపుకు గాలి ఆడుతది.

రెడీమేడ్ తీసుకుంటే మాత్రం భుజం చూసి తీసుకోండ్రి. చేతుల పొడుగు, నడుము, ప్యాంటు కింద మడత ఇవన్ని మా బాపు లాంటోళ్లు సరిచేస్తరు, భుజం మాత్రం సరిచేసుడు దాదాపు కాని పని, కోటు మొత్తం ఇప్పి కుట్టాలె. కుట్టు మీ భుజం ఎముక ఆఖరు కాడ ఆగాలె, చెయ్యి కిందికి ఏలాడేస్తే కోటు చేతికింద అంగి అర అంగుళం కనపడాలె, గుండీ పెట్టినప్పుడు పొట్ట కాడ ఇంటు గుర్తు లెక్క ముడతలు పడొద్దు. ఇంకొకటి, కొత్త కోటు వెనక చీలిక కాడ తెల్ల దారంతోని కుట్టి ఉంటది, చెయ్యి మీద కంపెనీ పేరు గుడ్డముక్క ఉంటది, ఈ రెండూ తీసేసేటియే, అట్లనే ఏసుకొచ్చినోళ్లను ప్రతి ఏడు చూస్తున్న. బ్లేడు పెట్టి లాగకండ్రి, బట్ట తెగుతది, చిన్న కత్తెరతోని దారం ఒక్కటే కత్తిరించండ్రి. రెండు గుండీల కోటుకు కింది గుండీ ఎప్పుడూ పెట్టరు, కూసునేటప్పుడు పైది గూడ ఇప్పాలె.

అంగి తెల్లదో లేత నీలందో చాలు. రెడీమేడ్ ఫార్మల్ అంగి మీద 39, 40, 42 అని ఉంటది కదా, అది మెడ చుట్టుకొలత సెంటీమీటర్లల్ల, చాలమంది ఛాతి అనుకుంటరు. మెడకు టేపు పెట్టి కొలుసుకొని పోండ్రి, పై గుండీ పెట్టినంక రెండు వేళ్లు లోపలికి పోవాలె. తెల్ల అంగి లోపల తెల్ల బనీను కొట్టొచ్చినట్టు కనపడుతది, ఒంటిరంగుకు దగ్గరున్నది ఏసుకోండ్రి. ఇస్త్రీ బండి కాడ ఇచ్చేటోళ్లు ఒక రోజు ముందే ఇయ్యండ్రి, బొగ్గుల ఇస్త్రీ కదా, మసి ఒక్క చుక్క పడ్డా మళ్ల ఉతుకుడే.

టై మెరూన్ గాని నేవీ గాని, చిన్న చుక్కలో అడ్డగీతలో, కొస బెల్టు బకిల్‌కు తాకాలె. వారం ముందు నుంచి రోజు రాత్రి రెండుసార్లు కట్టి చూసుకోండ్రి, అంతకు మించి దాని గురించి చెప్పేదేం లేదు.

బూట్ల గురించి మాత్రం మనసు పెట్టి చదువుండ్రి. మా చిన్నాయన కొడుకు మూడేండ్ల కింద పెండ్లికి కొన్న బూట్లు డబ్బాల అట్లనే దాచిపెట్టి, ఇంటర్వ్యూ రోజే తీసిండు, పైన చూస్తే కొత్తయే, గేటు దాటినంక అడుగు ముక్కలు ముక్కలై రాలిపోయింది, ఆ పిల్లగాడు ఆ రోజు మొకం ఎత్తి మాట్లాడలేకపోయిండు. తప్పు వానిది కాదు, కొన్ని బూట్ల అడుగు పాలియురేథేన్‌తోని చేస్తరు, ఏసుకున్నా ఏసుకోకున్నా గాలిల తేమకు లోపల్లోపల పాడైతది, మన దిక్కు వానకాలం తేమకు ఇంకా జల్ది. అందుకని డబ్బాల బూట్లు నెల ముందే తీసి, ఏసుకొని ఇంట్ల రోజు అరగంట నడువుండ్రి, కాలు కొరుకుడు గూడ తగ్గుతది. నల్ల తోలు, లేసులున్నయి మంచిగుంటై, బెల్టు గూడ నల్లదే. సాక్సులు పిక్క దాకా ఉండాలె, కూసున్నప్పుడు ప్యాంటు పైకి జరిగితే కాలు కనపడొద్దు.

వాన పడితే చెప్పులతోని పోయి బూట్లు కవర్ల పెట్టుకొని ఆడ ఏసుకోండ్రి. బూట్లు తడిస్తే లోపల న్యూస్ పేపర్ కుక్కి నీడల ఆరబెట్టాలె, ఎండల పెట్టినా పొయ్యి కాడ పెట్టినా తోలు పగులుతది. కోటు తడిస్తే పిండకండ్రి, వెడల్పు హ్యాంగర్‌కు ఏసి ఫ్యాన్ గాలికి పెట్టండ్రి. ఇంట్ల మిషన్ల మాత్రం ఎప్పుడూ ఉతకొద్దు, ముందు భాగం లోపల పేస్టింగ్ గుడ్డ ఊడి బుడగలొస్తై, ఆ కోటు మళ్ల చక్కగ కాదు, డ్రై క్లీనింగే ఇయ్యాలె. బీరువాల డాంబర్ గోలీలు పెట్టేటోళ్లు మూడు రోజుల ముందే బయట ఆరేసుకోండ్రి, ఆ వాసన గదంతా నిండుతది.

హైదరాబాద్‌కు పోయేటోళ్లు కాజీపేటల పొద్దుగాల రైలు ఎక్కితే రెండు మూడు గంటల ప్రయాణం, జనరల్ డబ్బాల ఎట్లుంటదో మీకు చెప్పేదేముంది. టీషర్టు మీదనే పోండ్రి. కోటును ఉల్టా చేసి, ఒక భుజంలకు ఇంకో భుజం దూర్చి, పొడుగుకు మడిచి బ్యాగుల అన్నిటికంటే పైన పెట్టండ్రి, సికింద్రాబాద్ల దిగినంక వెయిటింగ్ హాల్ల మార్చుకోవచ్చు.

కార్తీకంల, మార్గశిరంల అయ్యప్ప మాల ఏసుకునేటోళ్లకు ఒక మాట. అప్పుడు గూడ డ్రైవ్‌లు ఉంటై. మాల దాచే పని లేదు, ఇస్త్రీ చేసిన నల్ల అంగి, నల్ల ప్యాంటు ఏసుకొని, దీక్షల ఉన్న, బూట్లు ఏసుకోను అని రెండు రోజుల ముందే ప్లేస్‌మెంట్ ఆఫీసుల చెప్పి పెట్టుండ్రి.

ఆఖరుకు బ్యాగుల ఒక సూది, తెల్ల దారం, నల్ల దారం, రెండు పిన్నీసులు పెట్టుకోండ్రి. మా బాపు ప్రతి కోటు లోపలి జేబుల ఒక జాదా గుండీ చిన్న కాయితంల చుట్టి పెడుతడు, ఇంటికి పోయినంక కోటు కుట్టిపిచ్చుకున్న పిల్లలు అది చెత్త అనుకొని పారేస్తరు. పారేయకండ్రి, అదే రంగు గుండీ మళ్ల ఏ దుకాణంల దొరకది.