పాత టీవీ గేమ్ పనిచేయడం లేదా? గోదావరి తేమలో వచ్చే జబ్బులు, వాటికి మందులు

పోయిన వేసవిలో అంతర్వేది పక్కన మా పెద్దమ్మగారింటి అటక మీంచి ఒక టీవీ గేమ్ దించాం. తొంభైల్లో కొన్న పెట్టె. రెండు రిమోట్లు, ఒక గన్ను, నాలుగు క్యాసెట్లు. స్విచ్ వేస్తే ఎర్ర లైటు వెలిగింది కానీ టీవీలో వట్టి బూడిదరంగు తెర. "ఇది పోయింది మావయ్యా, పాతసామాన్లవాడికి వేసేసి ఉల్లిపాయలు తెచ్చుకుందాం" అన్నాడు మా మేనల్లుడు. గంట తర్వాత అదే పెట్టె మీద వాడు కాంట్రా ఆడుతున్నాడు. ఈ మధ్యలో మేం చేసిందల్లా క్యాసెట్ పిన్నులు తుడవడమే.

మన డెల్టాలో ఇలా చెత్తలోకి పోతున్న పెట్టెల్లో చాలావాటికి ప్రాణం ఉంది. ముసురు పట్టిన శ్రావణమాసం, సముద్రం వైపు ఉప్పుగాలి, చుట్టూ చేలల్లో, చెరువుల్లో నీళ్ళు. వీటివల్ల వచ్చే జబ్బులు కొన్నే. గుర్తుపడితే ఇంట్లోనే నయం చేయొచ్చు. ఒక్క నియమం మాత్రం పాటించండి. ఒకసారి ఒక్కటే మార్చి చూడండి. క్యాసెట్టూ, అడాప్టరూ, వైరూ ఒకేసారి మార్చేస్తే తప్పు దేనిదో ఎప్పటికీ తెలియదు.

లైటు వెలుగుతుంది, బొమ్మ రాదు

నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఇవే. తెర బూడిదరంగులో నిలిచిపోతుంది. లేదా గళ్ళు గళ్ళుగా చెదిరిపోతుంది. మారియో తల ఒకచోట, కాళ్ళు ఇంకోచోట కనిపిస్తాయి. లేదంటే ఆట మధ్యలో బిగుసుకుపోతుంది. దాదాపు అన్నిటికీ కారణం ఒకటే: క్యాసెట్ పిన్నులు లోపలి స్లాటుకి సరిగ్గా తగలడం లేదు. తోమకుండా వదిలేసిన రాగిచెంబుకి పట్టినట్టే ఆ పిన్నులకి చిలుము పడుతుంది. ఒరిజినల్ క్యాసెట్ల పిన్నులకి బంగారు పూత ఉంటుంది కాబట్టి కొంత తట్టుకుంటాయి. మన బజార్లో దొరికిన క్యాసెట్లకి ఆ పూత బాగా పలచన.

చిన్నప్పుడు అందరం క్యాసెట్లో ఊదినవాళ్ళమే. ఊదాక ఆట వచ్చేది కూడా. నిజానికి పని చేసింది ఊపిరి కాదు. తీసి మళ్ళీ పెట్టినప్పుడు పిన్ను కొంచెం జరిగి కొత్తచోట తగిలేది, అంతే. నోటి తడి మాత్రం లోపలే ఉండిపోయి చిలుముని పెంచేది. ఊదొద్దని, ఈ పెట్టెలకి మూలమైన జపాన్ కంపెనీ నింటెండో కూడా చెప్పింది. నాకు ఈ పని నేర్పిన పెద్దాయన, టీవీ మెకానిక్, మొదటిరోజే అన్నమాట ఇది: "ఊదకండి బాబూ, ఉమ్ము పడుద్ది."

కావలసింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మొబైల్ రిపేర్ షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. 99 శాతం ఉన్నది తీసుకోండి. మెడికల్ షాపు స్పిరిట్‌లో నీటిపాలు ఎక్కువ. అత్యవసరమైతే వాడొచ్చు గానీ ఆరడానికి ఇంకా ఎక్కువసేపు ఇవ్వాలి. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లని ఐపీఏలో ముంచి, పిన్ను పొడవు వెంట నిలువుగా రుద్దండి. మా పెద్దమ్మగారి కాంట్రా క్యాసెట్‌కి మొదటి పుల్ల నల్లగా వచ్చింది. రెండోది నాచులా పచ్చగా వచ్చింది. మూడు, నాలుగు బూడిదరంగులో వచ్చాయి. ఏడో పుల్ల తెల్లగా వచ్చేదాకా ఆపలేదు. అప్పుడు పిన్నులు పసుపురంగులో మెరిశాయి. మొండి మరక మిగిలితే తెల్ల రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, ఆ పొడిని మళ్ళీ ఐపీఏతో తుడిచేయండి. గరుకు కాగితం మాత్రం వద్దు. చిలుముతోపాటు పూత కూడా లేచిపోతుంది, ఆరునెలల్లో మళ్ళీ అదే జబ్బు వస్తుంది.

క్యాసెట్ శుభ్రంగా ఉన్నా బొమ్మ రాకపోతే స్లాటు చూడాలి. గడువు తీరిన ఏటీఎం కార్డుకి పలచటి నూలుగుడ్డ ఒక్క వరస చుట్టి, ఐపీఏ చిలకరించి, పవర్ తీసేసి పదిసార్లు పెట్టి తీయండి. ఒత్తిడి చేయొద్దు. గుడ్డ నలుపెక్కే కొద్దీ మార్చండి. అరగంట ఆరాక ఆన్ చేయండి.

ఇంకా రాలేదా? పెట్టె విప్పండి. మాకు ఒకసారి స్లాటు వెనక రెండు బల్లిగుడ్లు దొరికాయి, వాటి చుట్టూ చీమలు పెట్టిన మట్టి. పొడి పెయింట్ బ్రష్‌తో దులిపి, బోర్డంతా ఐపీఏతో తుడిస్తే పెట్టె లేచింది. విప్పినప్పుడు స్లాటు కాళ్ళ దగ్గర టంకం కూడా చూడండి. ఏళ్ళ తరబడి క్యాసెట్లు గుంజడంవల్ల అక్కడ వెంట్రుకంత పగుళ్ళు వస్తాయి. క్యాసెట్‌ని వేలితో కాస్త వంచితే బొమ్మ వస్తూ పోతూ ఉంటే జబ్బు అదే. ఆ కాళ్ళకి మళ్ళీ టంకం పెట్టాలి. నకలు క్యాసెట్లలో చాలావాటి లోపల చిప్పు ఉండాల్సిన చోట నల్లటి చుక్క ఉంటుంది. అది పగిలి ఉంటే ఇక బాగు చేయలేం, డబ్బా మాత్రం దాచుకోండి.

కొనేవాళ్ళకి ఒకమాట. మన ఇళ్ళల్లోని టీవీ గేములు చాలావరకు 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్‌కి నకళ్ళు. వాటి క్యాసెట్‌కి 60 పిన్నులు. అదే కంపెనీ అమెరికాలో అమ్మిన నెస్ (NES) పెట్టె క్యాసెట్‌కి 72. అడాప్టర్ ముక్క లేకుండా ఒకదాంట్లో ఇంకొకటి పట్టదు.

అసలు లైటే వెలగదు

ముందు అడాప్టర్ని అనుమానించండి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే ఒక్క నిమిషం పని. 9 వోల్టులని రాసి ఉన్న పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం అడాప్టరు, పెట్టెకి తగిలించకుండా కొలిస్తే 12, 13 వోల్టులు చూపిస్తుంది. అది మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. అసలు ఏమీ చూపించకపోతే వైరు తెగిందనో ట్రాన్స్‌ఫార్మర్ పోయిందనో అనుకోవాలి. వైరు తెగేది ఎక్కువగా పిన్ను మెడ దగ్గరే.

కొత్త అడాప్టర్ కొనేటప్పుడు వోల్టేజి ఒక్కటే చూసి తెచ్చేయకండి. పిన్ను మధ్యలో ప్లస్సా, మైనస్సా అన్నది పెట్టె కింద చిన్న బొమ్మగా ఉంటుంది. అసలైన ఫ్యామికామ్‌కి మధ్యలో మైనస్, 10 వోల్టుల డీసీ. నెస్‌తో వచ్చేది 9 వోల్టుల ఏసీ. పిన్ను పట్టింది కదా అని నెస్ అడాప్టర్ని ఫ్యామికామ్‌కి పెడితే లోపల కాలిపోతుంది. జపాన్ సెట్టు తెప్పించుకున్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడి కరెంటు 100 వోల్టులు, మనది 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు పెట్టొద్దు. నాకు తెలిసిన ఒకాయన మంచి సెట్టుని ఒక్క క్షణంలో ఇలాగే పోగొట్టుకున్నారు. ఆ రోజు ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది.

అడాప్టర్ బాగుండి కూడా లైటు రాకపోతే లోపల 7805 అనే మూడుకాళ్ళ రెగ్యులేటర్ చూడాలి. వచ్చిన కరెంటుని 5 వోల్టులకి దించేది అదే. ఊళ్ళోని ఏ టీవీ మెకానిక్కైనా మార్చేస్తాడు, ఖరీదు కూడా తక్కువే.

బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది, లేదా "నో సిగ్నల్" అంటుంది

కొత్త ఎల్‌ఈడీ టీవీకి తగిలించినప్పుడు ఇది మామూలు. చాలా టీవీల్లో పసుపు వైరు పెట్టే రంధ్రం, కాంపొనెంట్ వీడియోకి వాడే ఆకుపచ్చ రంధ్రం ఒకటే. టీవీ మెనూలో కాంపొనెంట్ అని ఉంటే రంగులు రావు. AV అని మార్చండి. అయినా నలుపు తెలుపే వస్తుంటే కలర్ సిస్టమ్ చూడండి. మన దేశపు టీవీ పద్ధతి పాల్ (PAL), జపాన్ సెట్లవి ఎన్‌టీఎస్‌సీ (NTSC). ఆ సెట్టింగుని ఆటో మీదో ఎన్‌టీఎస్‌సీ మీదో పెట్టాలి. పాల్ ఒక్కటే తెలిసిన పాత డబ్బా టీవీ అయితే రంగు రాదు, బొమ్మ కూడా పైకీ కిందికీ జారుతూ ఉండొచ్చు.

కొన్ని టీవీలకి మూడు రంధ్రాల బదులు ఇయర్‌ఫోన్ లాంటి ఒక్క రంధ్రమే ఉంటుంది. దానికి బజార్లో దొరికే వైర్లలో లోపలి వరస అన్నిటికీ ఒకేలా ఉండదు. బొమ్మ రాకుండా బుయ్యిమని మోత వస్తుంటే పసుపు పిన్నుని ఎర్రదాని చోట, తెల్లదాని చోట మార్చి చూడండి. ఒకదాంట్లో బొమ్మ వస్తుంది.

పసుపు వైరు (AV) పెట్టే రంధ్రం లేని మరీ పాత పెట్టెలకి యాంటెన్నా వైరే దారి. టీవీలో అనలాగ్ ఛానళ్ళు మాన్యువల్‌గా వెతికితే ఏదో ఒకచోట ఆట తగులుతుంది. వెతికేటప్పుడు పెట్టె ఆన్‌లోనే ఉండాలి, క్యాసెట్ లోపలే ఉండాలి.

గన్ను పేలుతుంది, బాతు పడదు

ఎల్‌ఈడీ టీవీ మీద ఆడుతుంటే గన్ను విప్పకండి, దాని తప్పేమీ లేదు. బాతులాట (డక్ హంట్) 1984 నాటిది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, వెంటనే బాతు ఉన్నచోట తెల్లటి గడి వస్తుంది. గన్నులోని కన్ను ఆ చీకటినీ, వెలుగునీ సరైన క్షణంలో చూస్తేనే దెబ్బ తగిలినట్టు లెక్క. ఎల్‌ఈడీ టీవీ బొమ్మని సర్దుకుని చూపించేసరికి ఆ క్షణం దాటిపోతుంది. దీనికి మందు డబ్బా టీవీ ఒక్కటే. ఊళ్ళల్లో ఇంకా దొరుకుతున్నాయి, ఇచ్చేవాళ్ళుంటే వదలకండి. కానీ డబ్బా టీవీ వెనకమూత మీరు విప్పొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా లోపల ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉంటుంది.

రిమోట్‌లో ఒక బటన్ పలకదు

ఒక్క బటనే పోతే లోపలి రబ్బరు అడుగున ఉన్న నల్లటి కార్బన్ బిళ్ళకి జిడ్డు పట్టింది. జంతికలు తిన్న చేత్తో ఆడిన రిమోట్లన్నిటికీ ఇదే. బోర్డుని ఐపీఏతో, రబ్బరుని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి. బటన్లన్నీ ఒక్కసారే పోతే, లేదా రిమోట్ కదిపినప్పుడల్లా మారియో తనంతట తానే పరిగెడుతుంటే వైరు తెగినట్టు. ప్లగ్గు నుంచి జానెడు దూరంలోపే వెతకండి.

నిన్న సేవ్ చేసిన ఆట ఇవాళ లేదు

ఇది చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ లాంటివాటి ఒరిజినల్ క్యాసెట్లు ఉన్నవాళ్ళ బాధ. పోకెమాన్ లాంటి ఆటల క్యాసెట్లో గడియారపు బ్యాటరీ లాంటిది ఒకటి ఉంటుంది, మీరు గెలిచినదంతా గుర్తుపెట్టుకునేది అదే. పోకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆటల్లో గడియారం కూడా నడవాలి కాబట్టి వాటి బ్యాటరీ ఇంకా ముందే అయిపోతుంది. మార్చేటప్పుడు పాత బ్యాటరీ మీద ఉన్న నంబరే తేవాలి: సీఆర్ 1616, 2025, 2032, ఏది ఉంటే అది. రేకు కాళ్ళు అంటించి ఉన్న బ్యాటరీయే కొనండి. వట్టి బ్యాటరీకి నేరుగా టంకం పెడితే వేడికి పేలే ప్రమాదం ఉంది. బ్యాటరీ తీయగానే ఉన్న సేవ్ చెరిగిపోతుంది. పిల్లలదైతే ముందే చెప్పి చేయండి.

బ్రిక్ గేమ్, సీడీ గేములు

చేతిలో పట్టుకుని ఆడే బ్రిక్ గేమ్‌లో తెర మీద కొన్ని గీతలు రాకపోతే, తెరకీ బోర్డుకీ మధ్య ఉన్న సన్నటి రబ్బరు పట్టీ తీసి ఐపీఏతో తుడిచి తిరిగి బిగించండి. పట్టీ బదులు తెరకి అతికించిన రిబ్బను ఉంటే పీకొద్దు. బ్యాటరీ గదిలో తెల్లటి పొక్కు కట్టి ఉంటే అది ఏ బ్యాటరీదో చూడాలి. ఆల్కలైన్‌దైతే నిమ్మరసం చుక్కతో, మామూలు జింక్ బ్యాటరీదైతే వంటసోడా కలిపిన నీళ్ళతో విరుగుతుంది. తర్వాత ఐపీఏతో తుడవండి.

ప్లేస్టేషన్ సీడీ చదవకపోతే ముందు లెన్సుని ఐపీఏ తడితో తేలిగ్గా తుడవండి. సీడీని మధ్యనుంచి అంచు వైపు తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. టూత్‌పేస్ట్ రాయకండి. మొదటి ప్లేస్టేషన్‌ని తిరగేసి పెడితే ఆడేదని మీరు వినే ఉంటారు. తొలి మోడళ్ళలో లెన్సు కదిలే ప్లాస్టిక్ భాగం అరిగిపోవడమే దానికి కారణం.

వరదనీళ్ళలో మునిగింది

జూలై, ఆగస్టుల్లో లంకల్లో ఉండేవాళ్ళకి ఇది చెప్పాలి. మునిగిన పెట్టెని "పనిచేస్తుందో లేదో" అని ఆన్ చేసి చూడకండి. అసలు నష్టం అప్పుడే జరుగుతుంది. బ్యాటరీలు తీసేయండి. పెట్టె విప్పి, బోర్డుకి పట్టిన గోదావరి బురద ఎండకముందే మంచినీళ్ళతో కడగండి. ఎలక్ట్రానిక్ సామానుని నీళ్ళతో కడగడమా అని భయపడతారు. కరెంటు లేనప్పుడు మంచినీళ్ళు చేసే హాని కంటే ఎండిన బురద చేసే హానే ఎక్కువ. ఆ తర్వాత ఐపీఏ పోసి బ్రష్‌తో రుద్ది, ఫ్యాను కింద నాలుగైదు రోజులు ఆరనివ్వండి. బియ్యం డబ్బాలో పెట్టకండి, తవుడు పోయి స్లాట్లో ఇరుక్కుంటుంది. కాగితపు లేబుళ్ళు మాత్రం చాలావరకు దక్కవు.

మునగకపోయినా వానాకాలం ముందు క్యాసెట్లన్నీ గాలి చొరని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, రంగు మారే రకం సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేయండి. నీలంగా ఉన్నవి గులాబీరంగుకి తిరిగితే తేమ నిండినట్టు. నేను వాటిని పెనం మీద సన్నటి సెగన వేడిచేసి, నీలం తిరిగాక చల్లార్చి మళ్ళీ వేస్తాను. ఆ పెనం వంటకి వాడను. డబ్బా అటక మీద కాకుండా రోజూ కళ్ళపడే చోట ఉండాలి. టీవీ బల్ల కింద ఉంటుంది మా క్యాసెట్ల డబ్బా. మేనల్లుడు ఆదివారం వచ్చినప్పుడల్లా ముందు పొట్లాల రంగు చూసి, తర్వాతే కాంట్రా తీస్తాడు.