గ్రంథాలయం పేరుతో వాట్సాప్ పెట్టే ముందు

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ ఊపులో "మన శాఖా గ్రంథాలయానికీ ఓ వాట్సాప్ పెడదాం" అనే మాట వస్తుంది. నిర్ణయించే ముందు ఇవి చూసుకోండి.

• పాఠకులందర్నీ గ్రూపులో చేర్చేయకండి. అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనిపిస్తుంది. పోటీ పరీక్షలకు చదువుకోవడానికి వచ్చే అమ్మాయిల నంబర్లు ఒకసారి బయటపడితే ఇక మన చేతిలో ఉండదు. అదే వాట్సాప్ ఛానల్ (అడ్మిన్లు పెట్టేది మిగతావాళ్లు చదివేది) అయితే చేరినవాళ్ల నంబర్లు తోటివాళ్లకు కనబడవు.

• పుస్తకాల పీడీఎఫ్‌లు పంచొద్దు. రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. 1915లో పోయిన గురజాడ రచనలకు ఇబ్బంది లేదు. 1983లో కన్నుమూసిన శ్రీశ్రీవి 2043 చివరిదాకా ఆగాల్సిందే. గురజాడవైనా, ఈమధ్య అచ్చయిన సంపుటిలోని ముందుమాట, వివరణలు వేరేవాళ్లవి కావచ్చు.

• సిమ్ శాఖదే కావాలి. లైబ్రేరియన్ సొంత నంబరుతో పెడితే బదిలీతో పాటు ఛానలూ వెళ్లిపోతుంది. రెండో అడ్మిన్ కూడా ఉండాలి.

• మూడు నెలల్లో ఏం పెడతారో ముందే కాగితం మీద రాయండి: కొత్తగా వచ్చిన పుస్తకాలు, సెలవులు, ఉద్యోగ నోటిఫికేషన్లు. వారానికొకటి చొప్పున పన్నెండు వరుసలు నిండకపోతే గేటు పక్క నోటీసు బోర్డే నయం. నన్నడిగితే సగం శాఖలకు అదే చాలు!

• పెట్టినా బోర్డు తీసేయకండి. పొద్దున్నే పేపరు కోసం వచ్చే పెద్దాయనకు స్మార్ట్‌ఫోన్ ఉండకపోవచ్చు.