రాజకీయ మార్పు కోసం హింస సమర్థనీయమా: తెలంగాణ సాయుధ పోరాటం ఆధారంగా వ్యాసం రాయడం ఎలా

ఈ ప్రశ్న మీద వ్యాసం రాయవలసి వచ్చిన చాలామంది గాంధీని ఒక పక్క, భగత్‌సింగ్‌ను మరో పక్క నిలబెట్టి, చివరికి ఇద్దరికీ దండం పెట్టి ముగిస్తారు. దానికన్నా ఒకే ఉద్యమాన్ని తీసుకుని తేదీల వారీగా పరిశీలించడం మేలు. 1946 నుంచి 1951 వరకు కమ్యూనిస్టు పార్టీ నాయకత్వంలో నిజాం పాలన మీదా, దొరల మీదా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో సమర్థనకు లొంగే ఘట్టాలూ, లొంగని ఘట్టాలూ రెండూ ఉన్నాయి.

ముందుగా, తుపాకీ చేతికి రాకముందు జనం ఏయే దారులు తొక్కి చూశారో రాసుకోవాలి. పల్లె జనం ‘సంఘం’ అని పిలుచుకున్న ఆంధ్ర మహాసభ వెట్టికీ, అక్రమ వసూళ్లకూ వ్యతిరేకంగా సభలు, ఊరేగింపులు నడిపింది; పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట విసునూరు దేశ్‌ముఖ్ పాలు కాకుండా అండగా నిలిచింది. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద ఆ దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరపగా దొడ్డి కొమరయ్య మరణించాడు. పాలకుణ్ణి ఓటుతో దించే వీలు నిజాం సంస్థానంలో లేదన్న సంగతిని దీని పక్కనే ఉంచి చూడాలి.

తర్వాత, దెబ్బ ఎవరి మీద పడిందో విడదీయాలి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు సాగించిన ఊచకోతను తలచుకుంటే, బురుజెక్కి ఊరిని కాచినవారిని తప్పుపట్టడం నా వల్ల కాదు. కానీ ద్రోహి అన్న అనుమానంతో, విచారణ లేకుండా ఒకరి ప్రాణం తీయడాన్ని ఆ కాపలాతో కలిపి లెక్కించకూడదు.

అసలు చిక్కు 1948 సెప్టెంబరు దగ్గర వస్తుంది. వ్యాసంలో సగం చోటు దీనికే ఇవ్వవచ్చు. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించి, అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాక, ఆయుధాలు దించాలని రావి నారాయణరెడ్డి వంటి కమ్యూనిస్టు నాయకులే వాదించారు. పార్టీ మాత్రం 1951 అక్టోబరు 21న గానీ పోరాటాన్ని విరమించలేదు. ఎన్నికల దారి తెరుచుకోబోతున్నప్పుడు దళాలను అడవుల్లో కొనసాగించడం పొరపాటని నా అభిప్రాయం. అయితే పారిపోయిన దొరలు సైన్యం నీడలో తిరిగివచ్చి, పంచిన భూములను లాక్కున్నారన్న ఎదుటి వాదాన్ని దాచిపెడితే వ్యాసం నిలబడదు. సైన్యం వచ్చాక ముస్లింల మీద సాగిన హత్యలను కూడా వదిలిపెట్టకూడదు. మృతులు కనీసం ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల వరకు ఉంటారని భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది.

లెక్కలు ఇచ్చేటప్పుడు అవి ఎవరివో చెప్పాలి. విముక్తి చేసినవి మూడు వేల గ్రామాలు, పంచినవి పది లక్షల ఎకరాలు, పోరాటంలో మృతులు నాలుగు వేల మంది అన్నవి కమ్యూనిస్టు పార్టీ చెప్పిన సంఖ్యలు.

చివరగా ఫలితాలను తూచాలి. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. పోరాటం లేకపోతే అవి అంత త్వరగా వచ్చేవా అన్నది వాదించి తేల్చవలసిన విషయం. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు. ఆ ఓట్లు తుపాకీ పట్టినందుకు పడ్డాయా, దించినందుకు పడ్డాయా అన్నదానికి మీ జవాబును ఆధారాలతో రాయండి.