సొమ్మొకడిది, సోకొకడిది: మీ వీడియో ఎవరైనా ఎత్తుకుపోతే ఏం చేయాలి?

ఆత్రేయపురంలో ఒక ఇంటి వసారాలో, బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ పరిచి పూతరేకు తీసే పెద్దావిడని పొద్దున్న ఆరింటి నుంచి పదకొండు దాకా తీశాను. చివరికి నాలుగు నిమిషాల వీడియో తేలింది. నా చానెల్లో ఎనిమిది వందల మంది చూశారు. పది రోజులు పోయాక మా బావమరిది ఫోన్ చేసి, "బావగారూ, మీ పూతరేకుల వీడియో తెగ తిరిగేత్తందండీ! రెండు లక్షలు దాటేసింది" అన్నాడు. తీరా చూస్తే అది నా చానెల్ కాదు. ఎవరో ఫేస్‌బుక్ పేజీవాళ్లు కింద నా పేరున్న పట్టీ కోసేశారు. పైన తమ పేరు అంటించి, ఆవిడ గొంతు వినపడకుండా వెనకాల సినిమా పాట వేసుకున్నారు.

నేను చేసిన మొదటి పని, కామెంట్లో ఝాడించడం. అరగంటలో నన్ను బ్లాక్ చేశారు. ఆ తర్వాత వాళ్ల పేజీలో ఏముందో నాకు కనపడలేదు. మీరు ఆ పని చేయకండి. వరుసగా ఏం చేయాలో నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇదీ.

సాక్ష్యం ముందు, కోపం తర్వాత

వాళ్లకి తెలియకముందే లింకు కాపీ చేసుకోండి. స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి పేజీ పేరు, పెట్టిన తేదీ, చూసినవాళ్ల సంఖ్య, కామెంట్లు అన్నీ పడేలా మెల్లగా కిందికి జరపండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే అయితే ఏదో మార్చి చేశారనడం తేలిక.

తర్వాత మీ వైపు సాక్ష్యం. మెమరీ కార్డులోంచి వచ్చిన అసలు ఫైళ్లు, ముఖ్యంగా వీడియోలో వాడకుండా వదిలేసిన ముక్కలు. రేకు చిరిగిపోయి పెద్దావిడ నవ్వేసిన ముక్క నా దగ్గరే ఉంది, దొంగ దగ్గర ఎప్పటికీ ఉండదు. అంతకంటే గట్టి రుజువు లేదు. కార్డు ఖాళీ చేయాలని ఈ ముక్కలు చెరిపేసే అలవాటుంటే మానుకోండి, ఓ పాత హార్డ్ డిస్కులో పడేయండి.

అసలు ఫైలును వాట్సాప్‌లో మా ఆవిడకి పంపి దాచాను అనకండి. మామూలుగా వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, ఫైలు మారిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం డిజిటల్ సాక్ష్యంతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఫైలు హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలుకి వేలిముద్ర లాంటిది. ఒక్క ఫ్రేము కోసినా ఆ ముద్ర వేరైపోతుంది.

ఇంతకీ అది మీదేనా?

అందరూ దాటేసే మెట్టు ఇదే. సగం గొడవలు ఇక్కడే తేలిపోతాయి.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 1958 జనవరిలో అమల్లోకి వచ్చింది. దాని లెక్క ప్రకారం వీడియో తీసిన క్షణంలోనే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఎవరికి పుడుతుంది? మీరు సొంత ఖర్చుతో, సొంత ఆలోచనతో తీస్తే మీకు. డబ్బు తీసుకుని ఒకరి కోసం తీస్తే, వేరే ఒప్పందం లేకపోతే, 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చిన వాళ్లకి! అమలాపురంలో స్టూడియో నడిపే మిత్రుడికి ఈ సంగతి చెబితే నమ్మలేదు. ముహూర్తానికి రెండు గంటల ముందు నుంచి అప్పగింతల దాకా నిలబడి తీసింది తనైనా, ఆ పెళ్లి వీడియో పెళ్లివారిదే. వాళ్లని అడక్కుండా తన పేజీలో పెట్టుకుంటే దొంగ తనే అవుతాడు. ఇప్పుడు అడ్వాన్సు రసీదు మీదే ఒక వాక్యం రాయించుకుంటున్నాడు: "స్టూడియో ప్రచారానికి వాడుకోవడానికి మాకు అభ్యంతరం లేదు." ఆ వాక్యం ఉన్నా లేకున్నా, ఆ పెళ్లి వీడియోని ఇంకో స్టూడియో ఎత్తుకుపోతే ఫిర్యాదు చేయాల్సింది పెళ్లివారే.

రెండోది, ఆలోచనకు కాపీరైట్ లేదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది: భావానికి, ఇతివృత్తానికి రక్షణ ఉండదు, దాన్ని మీరు చెప్పిన తీరుకే ఉంటుంది. కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లి చూడండి. గంగలకుర్రు ప్రభ కౌశిక నది దాటుతుంటే గట్టు మీద ఎన్ని ఫోన్లు లేస్తాయో! అందరూ అదే కోణంలో తీస్తారు. పక్కవాడి వీడియో మీ దానిలాగే ఉన్నా, వాడు వాడి ఫోన్‌తో తీసుకుంటే మీకు పేచీ లేదు. మీ ఫైలునే తీసి పెట్టాడా అన్నదే ప్రశ్న. "నా టాపిక్ కొట్టేశాడు" అని ఫిర్యాదు పెడితే నిలవదు.

మూడోది, మీ వీడియోలో మీది కానిది ఏమైనా ఉందా? సినిమా పాట, టీవీ క్లిప్, వేరొకరి డ్రోన్ షాట్? అవి ఉంటే మీరు ఫిర్యాదు పెట్టిన మర్నాడు మీ మీదే ఒకటి రావచ్చు. ముందు మీ ఇల్లు చూసుకోండి.

ఇక్కడో పక్క మాట. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కదా, ఆ ఊరి పూతరేకుల మీద వీడియో కాబట్టి దానికీ రక్షణ ఉంటుందా అని ఒకాయన అడిగారు. ఉండదండి. జీఐ కాపాడేది సరుకు పేరుని. వేరే చోట చేసిన రేకులు ఆ పేరుతో అమ్మకుండా ఆపుతుంది, అంతే. వీడియోది వేరే చట్టం.

ఫారం నింపడం

ఇప్పుడు ఫిర్యాదు. 1957లో చట్టం రాసిన రోజుల్లో దొంగతనం ఇంత సులువు కాదు. పుస్తకం దొంగ ముద్రణ చేయాలంటే ప్రెస్సు కావాలి, కాగితం కావాలి, గోడౌను కావాలి. దొంగని పట్టుకోవడానికి ఓ చిరునామా ఉండేది. ఇప్పుడు దొంగతనానికి బొటనవేలు చాలు. పైగా సరుకు ఉన్నది కంపెనీ సర్వర్లో, దొంగ ఉన్నది ఎక్కడో. అందుకే చట్టం మధ్యవర్తి మీద, అంటే యూట్యూబ్, ఫేస్‌బుక్ లాంటి వేదికల మీద, షరతు పెట్టింది. ఐటీ చట్టం 79వ సెక్షన్ ప్రకారం, జనం ఏం పెట్టినా వేదికకి పూచీ లేదు. కానీ తెలిశాక తీయకపోతే ఆ రక్షణ పోతుంది. తెలియడమంటే ఏమిటో 2016లో మైస్పేస్ అనే సోషల్ వెబ్‌సైట్ కేసులో ఢిల్లీ హైకోర్టు తేల్చింది: ఫలానా కృతి, ఫలానా చోట ఉంది అని స్పష్టంగా చెప్పాలి. "మీ సైట్లో నా వీడియోలు దొంగిలించారు" అంటే చాలదు.

కాబట్టి ప్రతి లింకూ విడిగా రాయండి. ఒకే వీడియోని మూడు ముక్కలు చేసి మూడు రీల్స్ పెడితే మూడు లింకులూ ఇవ్వాలి. పక్కనే మీ అసలు వీడియో లింకు, పెట్టిన తేదీ.

యూట్యూబ్‌లో అయితే యూట్యూబ్ స్టూడియోలోని కాపీరైట్ విభాగంలో తొలగింపు అభ్యర్థన ఉంటుంది. వెంటనే తీసేయమనొచ్చు, లేదా ఏడు రోజులు గడువిచ్చి వాళ్లంతట వాళ్లే తీసుకునే అవకాశం ఇవ్వొచ్చు. తెలిసినవాళ్లో, పక్క ఊరి కుర్రాళ్లో అయితే నేను ఏడు రోజులే ఇస్తాను, వాళ్ల చానెల్ మీద స్ట్రైక్ (తప్పు చేసినట్టు మచ్చ) పడకుండా పోతుంది. అదే ఫారంలో మళ్లీ ఆ కాపీలు ఎక్కకుండా ఆపమనే గడి కూడా ఉంటుంది, టిక్ పెట్టడం మరచిపోకండి. మీ పేరు, ఈమెయిల్ అవతలివాడికి వెళ్తాయి. అందుకని ఈ పనికో వేరే ఈమెయిల్ పెట్టుకోవడం మేలు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకీ కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంది. "రిపోర్ట్" మీట నొక్కి స్పామ్ అనడం వేరు, ఆ ఫారం నింపడం వేరు. మొదటిది ఎందుకూ కొరగాదు.

ఫారంలో అబద్ధం రాయకండి. ఆ ఫారాలు 1998 నాటి అమెరికా చట్టం అచ్చులో పోసినవి, అబద్ధమైతే శిక్షకు సిద్ధమేనని మీ చేతే ఒప్పిస్తాయి. కోనసీమలో తీసిన వీడియోకి కోనసీమలోనే ఉన్న దొంగ మీద అమెరికా చట్టం కింద ప్రమాణం చేయడం ఏమిటో అని నాకిప్పటికీ నవ్వొస్తుంది. కానీ జరుగుతున్నది అదే. చట్టం కంటే ముందు కంపెనీ నిబంధన తీర్పు చెబుతోంది.

అవతలివాడు అడ్డం తిరిగితే

యూట్యూబ్‌లో వాళ్లు కౌంటర్ నోటిఫికేషన్, అంటే తొలగింపు తప్పని ఎదురు జవాబు, వేస్తే మీకు పది పనిదినాలు ఉంటాయి. ఆలోపు కోర్టుకి వెళ్లినట్టు రుజువు చూపకపోతే వీడియో మళ్లీ పైకొస్తుంది. భయపడి వదిలేయడం మామూలే. కానీ అసలు ఫైళ్లు మీ దగ్గరున్నప్పుడు వెనక్కి తగ్గక్కర్లేదు. ముందు వకీలు చేత నోటీసు పంపించండి, చాలామంది అక్కడే దిగొస్తారు.

కోర్టు దాకా వెళ్తే తెలిసి ఉండాల్సింది ఒకటుంది. మామూలు దావాకి చాలాసార్లు ప్రతివాది ఊరికి పరుగెత్తాలి. కాపీరైట్‌కి 62వ సెక్షన్ ప్రకారం మీరు ఉండే చోటో, వ్యాపారం చేసే చోటో ఉన్న జిల్లా కోర్టులోనే వేయొచ్చు. పేజీ నడిపేవాడు ముంబైలో ఉన్నా సరే. పోలీసు కేసుకీ దారి ఉంది. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద తెలిసి చేస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. ఇది వారంటు లేకుండా పట్టుకోగల, బెయిలు హక్కుగా రాని నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఒక రీల్ కోసం స్టేషన్ మెట్లు ఎక్కమని నేను చెప్పను. పదేపదే ఎత్తుకుపోయి డబ్బు చేసుకునేవాడి సంగతి వేరు. ఊరికే "జైల్లో వేయిస్తా" అని బెదిరించకండి. ఆధారం లేని బెదిరింపు మీద 60వ సెక్షన్ కింద వాళ్లే మీ మీద దావా వేయొచ్చు.

మీ మీదే క్లెయిమ్ పడితే

ఇది నాకూ జరిగింది. గోదావరి లంకలో నాట్లు వేస్తూ ఆడవాళ్లు పాడిన పాట నేనే రికార్డు చేసి పెడితే, ఒక ఆడియో కంపెనీ పాట అని కంటెంట్ ఐడీ (పాటల్ని పోల్చి పట్టుకునే యూట్యూబ్ యంత్రం) పట్టుకుంది. ఆ బాణీని ఎవరో గాయని ఏనాడో స్టూడియోలో పాడిందట. పాత పాట ఎవరి సొత్తూ కాదు. కానీ ఆ రికార్డింగ్ కంపెనీదే, పొలంలో నేను చేసిన రికార్డింగ్ నాది. పాడిన ఆడవాళ్లకీ తమ గానం మీద 50 ఏళ్ల ప్రదర్శకుల హక్కు ఉంది. యంత్రానికి ఈ తేడాలేవీ తెలియవు, స్వరం కలిస్తే చాలు. "ఇది జానపదం, రికార్డింగ్ నా సొంతం" అని రాసి వివాదం వేయండి. అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వకపోతే క్లెయిమ్ పోతుంది. నాది ఇరవై తొమ్మిదో రోజున పోయింది. ప్రాణం విసిగించి వదిలారు.

పది సెకన్లు, ముప్ఫై సెకన్లు వాడుకోవచ్చనే లెక్క మన చట్టంలో ఎక్కడా లేదు. విమర్శకి, సమీక్షకి, వార్తకి తగుమేర వాడుకోవడాన్ని 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. ఎంత తగునో సందర్భాన్ని బట్టి కోర్టు చూస్తుంది. "క్రెడిట్స్ టు ఓనర్" అని రాయడం అనుమతి కాదు, దొంగతనం ఒప్పుకోలు. పెళ్లి ఊరేగింపులో పాట వేసుకోవడానికి మినహాయింపు ఉంది కదా అంటారా, ఉంది. అది పెళ్లి వేడుక వరకే. అదే పాటతో రీల్ పెట్టడానికి అది పనికిరాదు.

ఏఐ సంగతి ఒక్క ముక్కలో: మన వీడియోలతో యంత్రాలకి శిక్షణ ఇవ్వొచ్చా అన్నది 1957 చట్టం ఊహకే అందని ప్రశ్న. 2024లో వార్తాసంస్థ ఏఎన్ఐ, చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది అందుకే. దాని గురించి మనలాంటివాళ్లు నింపాల్సిన ఫారం అంటూ ప్రస్తుతానికి లేదు.

వచ్చేసారి కెమెరా తీసేముందు

రిజిస్ట్రేషన్ కావాలంటే కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైట్లో చేసుకోవచ్చు. రాతకి 500 రూపాయలు, వీడియోని సినిమా కింద లెక్కగడతారు కాబట్టి 5,000. దరఖాస్తు పెట్టాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. రోజూ రీల్ పెట్టేవాడికి ఇది కుదిరే పని కాదు. ఏడాదికొకటి తీసే డాక్యుమెంటరీకి అయితే పెట్టండి.

దానికన్నా ముందు కాగితం. ఎవరికైనా మీ వీడియో వాడుకోవడానికి ఇస్తే రాతపూర్వకంగా ఇవ్వండి. ఎన్నాళ్లకో, ఎక్కడెక్కడికో రాయండి. హక్కులు రాసిచ్చేటప్పుడు గడువు రాయకపోతే చట్టం ఐదేళ్లని, చోటు రాయకపోతే భారతదేశమంతా అని అనుకుంటుంది.

వాళ్ల పేజీలోని నా పూతరేకుల వీడియో, ఫారం పెట్టిన మూడో రోజున పోయింది. కానీ అప్పటికి ఆత్రేయపురం పెద్దావిడ మనవడు దాన్ని చూసేశాడు. "మా మామ్మని అడిగే పెట్టారా?" అని నాకే ఫోన్ చేశాడు. నోటిమాటగా అడిగాను, కాగితం లేదు. అప్పటి నుంచి సంచిలో అర పేజీ కాగితాలు పెట్టుకు తిరుగుతున్నాను. పేరు, ఊరు, ఏ రోజు ఏం తీశామో, ఏయే చానెళ్లలో పెడతామో, డబ్బిస్తే ఎంతో, తీసేయమంటే ఎన్ని రోజుల్లో తీస్తామో, కింద సంతకం. రేకులు తీసేవాళ్ల చేతులు పనిలో పడితే పిండిమయం అవుతాయి కాబట్టి, కుండ పొయ్యి మీద పెట్టకముందే సంతకం చేయించుకోండి.