కారు చోరీ కాకుండా ఎలా కాపాడుకోవాలి?

కారు దొంగ అనగానే అద్దం పగలగొట్టి, స్టీరింగ్ కింద వైర్లు లాగి, రెండు కొసలు ఆనించి బండి స్టార్ట్ చేసే మనిషే మన కళ్ల ముందు మెదులుతాడు. ఇప్పటి కార్ల దగ్గర ఆ పని దాదాపు సాగదు. కీ లోపల ఉన్న చిన్న చిప్‌ను కారులోని కంప్యూటర్ గుర్తుపట్టాకే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. ఈ ఏర్పాటు పేరు ఇమ్మొబిలైజర్. అందుకే దొంగల కన్ను వైర్ల మీద నుంచి కీ మీదకు మళ్లింది. వాళ్లు అసలు కీ కొట్టేస్తారు, లేదా దాని సిగ్నల్‌ను వాడుకుంటారు, లేదా కొత్త కీ తయారు చేసుకుంటారు. ఇవేవీ కాకపోతే కీ అవసరమే లేకుండా చేసుకుంటారు. ఈ నాలుగు దారుల్నీ ఒక్కొక్కటిగా మూసుకుంటూ రావడమే మనం చేయాల్సిన పని. ఏ ఒక్క పరికరమూ దీనికి సరిపోదు. ఒకటి దాటితే ఇంకొకటి అడ్డం రావాలి, ఒక్కోదానికీ దొంగకు టైమ్ పట్టాలి, చప్పుడు కావాలి.

1. ముందు మీ కారులో ఏముందో తెలుసుకోండి

ఓనర్ మాన్యువల్ తీసి ఇమ్మొబిలైజర్ ఉందో లేదో చూడండి. చాలా కార్లలో డాష్‌బోర్డు మీద తాళం గుర్తో, కీ గుర్తో ఉన్న చిన్న లైటు దానికి ఆనవాలు. మీ కీ మామూలు లోహపు ముక్కే అయి, తాళాల షాపులో నకలు చేయించినా ఇంజిన్ స్టార్ట్ అవుతోందంటే మాత్రం ఇమ్మొబిలైజర్ లేనట్టే.

ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో 2011 నుంచి 2021 మధ్య మోడళ్ల హ్యుందాయ్, కియా కార్లలో, ముఖ్యంగా కీ తిప్పి స్టార్ట్ చేసే రకాల్లో, చాలావాటికి ఇమ్మొబిలైజర్ పెట్టలేదు. 2015 మోడళ్లు చూస్తే మిగతా కంపెనీల కార్లలో 96 శాతానికి అది ఉంటే, ఈ రెండింటిలో 26 శాతానికే ఉంది. స్టీరింగ్ కింది ప్లాస్టిక్ కవరు ఊడదీసి, యూఎస్‌బీ కేబుల్ కొసతో బండిని ఎలా స్టార్ట్ చేయొచ్చో చూపే వీడియోలు సోషల్ మీడియాలో పాకాయి. 2022లో ఆ కార్ల చోరీలు విపరీతంగా పెరిగాయి. 2023 ఫిబ్రవరిలో కంపెనీలు ఉచితంగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇవ్వడం మొదలుపెట్టాయి. మీ కారు ఏ కంపెనీదైనా సర్వీస్ సెంటర్‌లో ఒక మాట అడగండి: "ఈ మోడల్‌కు దొంగతనానికి సంబంధించిన అప్‌డేట్ ఏదైనా వచ్చిందా?" అని. మనం అడగనిదే వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు.

2. కీ ఎవరి చేతుల్లో ఉందో చూసుకోండి

ఇంజిన్ ఆన్‌లో పెట్టి దిగడం అన్నిటికన్నా ప్రమాదం. షాపు ముందు ఆపి ఒక్క నిమిషంలో వస్తానని దిగినా, బండి వేడెక్కాలని ఇంటి ముందు వదిలినా, దొంగకు మిగిలే పని ఎక్కి పోనివ్వడమే. పిల్లలు లోపల ఉండగా ఇలా దిగడం ఎంత అర్జెంటు పనైనా వద్దు.

స్పేర్ కీ కారులోనే దాచే అలవాటు ఉంటే ఈరోజే మానండి. డాష్‌బోర్డు అర, సన్‌వైజర్, చక్రం పైన దాచే అయస్కాంతపు డబ్బా, ఇవన్నీ దొంగలు మొదట తడిమే చోట్లు. ఇంట్లో వీధి తలుపు పక్కనే మేకుకు తగిలించడం కూడా మంచిది కాదు. పార్కింగ్ సిబ్బందికో, మెకానిక్‌కో ఇచ్చేటప్పుడు ఇంటి తాళాలు ఉన్న గుత్తి మొత్తం ఇవ్వకుండా కారు కీ ఒక్కటే తీసి ఇవ్వండి.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నారా? ఎన్ని కీలు ఉండాలో అడిగి అన్నీ తీసుకోండి. అన్నీ చేతికి వచ్చినా సరే, సర్వీస్ సెంటర్‌లో పాత కీలన్నిటినీ కారు మెమరీ నుంచి తీసేయించి మీ దగ్గరున్న వాటినే మళ్లీ నమోదు చేయించండి. మొబైల్ యాప్‌తో తెరుచుకునే కారైతే పాత ఓనర్ అకౌంట్ తీసేశారో లేదో చూడండి. డబ్బు పూర్తిగా కట్టి పేరు మార్చుకున్నా, పాత యజమాని ఫోన్‌లో మీ కారు ఎక్కడుందో కనిపిస్తూనే ఉండొచ్చు. కారు అమ్మేవాళ్లకు ఇంకో జాగ్రత్త: టెస్ట్ డ్రైవ్‌కు ఒంటరిగా పంపకండి. డ్రైవర్ సీటు మారేటప్పుడు ఇంజిన్ ఆపి కీ మీ చేతిలో ఉంచుకునే దిగండి.

3. కీ సిగ్నల్‌ను కట్టడి చేయండి

జేబులోంచి కీ తీయకుండానే తలుపు తెరుచుకునే కార్లకు ఈ భాగం చాలా ముఖ్యం. మీరు హ్యాండిల్ పట్టుకోగానే కారు 125 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో బలహీనమైన సిగ్నల్ ఒకటి పంపుతుంది. అది ఒకటి రెండు మీటర్లకు మించి చేరదు. కీకి అది అందితే జవాబు పంపుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఇక్కడ కారు నమ్ముతున్నది ఒక్కటే, జవాబు వచ్చింది కాబట్టి కీ పక్కనే ఉందని.

దొంగలు ఆ నమ్మకాన్నే వాడుకుంటారు. అర్ధరాత్రి ఇద్దరు వస్తారు. ఒకడు కారు హ్యాండిల్ దగ్గర నిలబడతాడు. రెండోవాడు యాంటెన్నా ఉన్న సంచి పట్టుకుని మీ వీధి తలుపు వెంబడి, కిటికీల పక్కన మెల్లగా నడుస్తాడు. కారు సిగ్నల్‌ను వాళ్ల పరికరాలు గోడ అవతల ఉన్న మీ కీ దాకా మోస్తాయి, కీ ఇచ్చిన జవాబును వెనక్కి తెస్తాయి. కారు ఇండికేటర్లు ఒకసారి మెరుస్తాయి, మడిచి ఉన్న పక్క అద్దాలు విచ్చుకుంటాయి. అలారం మోగదు, ఎందుకంటే కారు దృష్టిలో వచ్చింది మీరే. ఒక్కసారి ఇంజిన్ స్టార్ట్ అయ్యాక కీ దూరమైనా బండి ఆగదు. నడిరోడ్డు మీద ఉన్నట్టుండి ఆగిపోతే ప్రమాదమని కంపెనీలే అలా తయారు చేస్తాయి. 2011లో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు ఎనిమిది కంపెనీల పది మోడళ్ల మీద ఈ పద్ధతిని పరీక్షించి, పని చేస్తుందని చూపించారు.

దీనికి విరుగుడు చవకైనదే. సిగ్నల్‌ను ఆపే ఫారడే పౌచ్‌లో కీ పెట్టండి. అయితే పౌచ్ కొని ఊరుకోకండి, పరీక్షించండి. కీని పౌచ్‌లో వేసి మూత సరిగ్గా మడిచి, దాన్ని చేతిలో పట్టుకుని కారు హ్యాండిల్‌ను తాకండి. తలుపు తెరుచుకుంటే ఆ పౌచ్ పనికిరాదు. బాగా పనిచేసే పౌచ్ కూడా మడత పెట్టే చోట లోపలి పొర చిరిగి క్రమంగా పాడవుతుంది కాబట్టి అప్పుడప్పుడు ఇదే పరీక్ష మళ్లీ చేయండి. స్పేర్ కీని మరచిపోవద్దు. బీరువాలో పడి ఉన్నా అది కూడా సిగ్నల్‌కు జవాబు చెబుతుంది. కీని మైక్రోవేవ్‌లో దాచమనే సలహా కొందరు ఇస్తారు, అది మాత్రం వద్దు. ఎవరైనా చూసుకోకుండా స్విచ్ వేస్తే కీ కాలిపోతుంది.

కొన్ని కార్లలో ఈ కీలెస్ సదుపాయాన్ని సెట్టింగ్స్‌లోనే ఆపేయొచ్చు. బటన్ నొక్కి తెరవడం పెద్ద శ్రమేమీ కాదు కాబట్టి, వీధిలో పార్క్ చేసేవాళ్లు ఆపేయడమే మంచిదని నా అభిప్రాయం. కాసేపు కదలకుండా ఉంటే నిద్రలోకి జారుకునే కీలు కూడా వచ్చాయి. ఫోర్డ్ 2019లో తెచ్చిన కీ 40 సెకన్లు కదలకపోతే జవాబివ్వడం మానేస్తుంది. కొత్త కారు కొనేటప్పుడు అల్ట్రా వైడ్‌బ్యాండ్ కీ ఉందా అని అడగండి. అది సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని కొలిచి కీ నిజంగా ఎంత దూరంలో ఉందో తేలుస్తుంది కాబట్టి ఈ మోసం దాని దగ్గర చాలా కష్టం.

దొంగల దగ్గర ఇంకో చిన్న కిటుకు కూడా ఉంది. మీరు రిమోట్ నొక్కేటప్పుడు దొంగ పక్కనుంచి జామర్ వాడితే లాక్ సిగ్నల్ కారుకు అందదు. లాక్ అయిందనుకుని మీరు వెళ్లిపోతారు. లైట్లు మెరిశాయా, లాక్ పడిన చప్పుడు వినిపించిందా చూసుకోండి. మామూలు రిమోట్ కీ అయితే హ్యాండిల్ ఒకసారి లాగి చూడండి. కీలెస్ కారైతే జేబులో కీ ఉండగా హ్యాండిల్ పట్టుకుంటే మళ్లీ తెరుచుకుంటుంది కాబట్టి, లైట్లనూ చప్పుడునూ నమ్ముకోవాలి.

4. కొత్త కీ పుట్టకుండా చూడండి

స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర ఓబీడీ పోర్ట్ అనే సాకెట్ ఉంటుంది. మెకానిక్‌లు కంప్యూటర్ తగిలించి లోపాలు చూసేది అక్కడే. లోపలికి దూరిన దొంగ అదే సాకెట్‌కు తన పరికరం తగిలించి, కొన్ని మోడళ్లలో నిమిషాల్లో కొత్త కీని నమోదు చేసుకోగలడు. దీని మీద బిగించే ఓబీడీ లాక్‌లు దొరుకుతాయి. మీ మోడల్‌కు సరిపోయేది తీసుకుని, దాని తాళంచెవి కారులో ఉంచకుండా చూసుకోండి. సర్వీస్‌కు ఇచ్చేటప్పుడు మాత్రం దాన్ని తీసి ఇవ్వాలి.

కీ ఊసే లేని పద్ధతి ఇంకా కొత్తది. 2022లో లండన్‌లో ఒక టయోటా రావ్4 ముందు బంపర్ ఊడబెరికి, హెడ్‌లైట్ ప్లగ్ లాగి ఉండటం చూసి, ఎవరో ఆకతాయిల పని అనుకున్నారు. కొద్ది రోజులకే కారు మాయమైంది. దాని యజమాని స్వయంగా వాహనాల సైబర్ భద్రత మీద పనిచేసే వ్యక్తి కావడంతో గుట్టు తేలింది. హెడ్‌లైట్ వెనక ఉన్న వైర్ల ద్వారా కారు లోపలి నెట్‌వర్క్‌లోకి దూరి, కీ వచ్చిందని కారును నమ్మించే పరికరాలు దొంగల బజారులో అమ్ముతున్నారని 2023లో ఆ వివరాలు బయటపెట్టారు. బ్లూటూత్ స్పీకర్ డొక్కులో అమర్చిన పరికరం కూడా వాటిలో ఉంది. కాబట్టి మీ కారు బంపర్ మూల వదులైనా, హెడ్‌లైట్ చుట్టూ గీతలు కనిపించినా, చక్రం పైన ప్లాస్టిక్ లాగి ఉన్నా "ఎవరో తగిలించారులే" అని వదిలేయకండి. ఆ రాత్రి నుంచే బండిని వేరే చోట పెట్టండి, స్టీరింగ్ లాక్ వేయండి, పోలీసులకు చెప్పండి.

కొన్ని కార్లలో ఇంజిన్ స్టార్ట్ చేయడానికి పిన్ నంబర్ అడిగే ఏర్పాటు ఉంటుంది. ఉంటే వాడండి. లేకపోతే ఫలానా బటన్లు ఫలానా వరసలో నొక్కితేనే బండి కదిలేలా చేసే ఇమ్మొబిలైజర్లు బయట అమర్చుతారు. ఇంధన పంపు కరెంటును ఆపే రహస్య స్విచ్ పాత కార్లకు బాగా పనికొస్తుంది. వీటిని అనుభవం ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించండి. బండి నడుస్తుండగా ఆ స్విచ్ పొరపాటున పడే అవకాశం ఉండకూడదు. కారుకు ఇంకా వారంటీ ఉంటే దానికి ఇబ్బంది రాదని ముందే కనుక్కోండి.

5. కంటికి కనిపించే ఇనుము కూడా కావాలి

స్టీరింగ్ లాక్ పాతకాలపు వస్తువని తీసిపారేయకండి. పైన చెప్పిన ఎలక్ట్రానిక్ కిటుకులేవీ దాన్ని ఊడదీయలేవు. కోయాలి, లేదా విరగ్గొట్టాలి. ఆ చప్పుడే దొంగకు ఇష్టం ఉండదు. కర్రలా ఉండే రకంలో లోపం ఏమిటంటే, లాక్ జోలికి పోకుండా స్టీరింగ్ చక్రాన్నే రంపంతో కోసి దాన్ని తప్పించొచ్చు. చక్రం మొత్తాన్ని కప్పే పళ్లెం లాంటి రకం ఇంకా గట్టిది. బరువైనదే, కానీ రోజూ వేస్తేనే దాని ప్రయోజనం. కాబట్టి మీరు బద్ధకించకుండా వేయగలిగేది ఏదో అదే కొనండి. వారాల తరబడి బండి కదలదనుకుంటే, చక్రం తిరగకుండా దానికి బిగించే వీల్ క్లాంప్ మంచిది.

పార్కింగ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: వెలుతురు, జన సంచారం, వీలైతే గేటు లోపల. ముందు చక్రాలు ఒక పక్కకు తిప్పి హ్యాండ్‌బ్రేక్ వేస్తే లాక్కెళ్లడం కష్టమవుతుంది. లోపల బ్యాగులు, ఫోన్ కనిపించేలా పెట్టకండి.

6. పోతే దొరికే ఏర్పాటు

సొంత బ్యాటరీ ఉన్న జీపీఎస్ ట్రాకర్ పెట్టించండి. కారు బ్యాటరీ వైరు పీకేసినా అది పనిచేస్తుంది. డాష్‌బోర్డు అరలో పెడితే మొదటి నిమిషంలోనే బయటపడుతుంది, సీటు లోపలో, ప్యానెల్ వెనకో దాచాలి. ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ లాంటి చిన్న ట్రాకింగ్ బిళ్లలు చవకే, కానీ వాటికో పరిమితి ఉంది. ఇతరుల మీద నిఘా పెట్టడానికి వాడకుండా, తెలియని ట్యాగ్ వెంట వస్తోందని దగ్గరున్న ఫోన్‌కు హెచ్చరిక వెళ్తుంది. అంటే దొంగకూ తెలిసిపోతుంది. అదనంగా ఉంచుకోండి, అదొక్కటే ఉంది కదా అని ధీమాగా ఉండకండి.

చాసిస్ నంబర్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాల ఫొటోలు ఫోన్‌లో, ఇంట్లో కూడా ఉంచండి. చాసిస్ నంబర్‌లో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు రావు కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నానే. ఆ నంబర్‌ను అద్దాల మీద చెక్కిస్తే దొంగకు అద్దాలన్నీ మార్చే ఖర్చు పడుతుంది. బండి మీద గీతలు, సొట్టలు ఉంటే వాటి ఫొటోలు కూడా తీసుకోండి. నంబర్ ప్లేటు మార్చాక గుర్తుపట్టడానికి అవే పనికొస్తాయి.

7. కారు కనిపించకపోతే

ముందు ట్రాఫిక్ సిబ్బంది తీసుకెళ్లారేమో, ఇంట్లోవాళ్లు వేసుకెళ్లారేమో నిమిషంలో తేల్చుకుని, వెంటనే పోలీసులకు, ఆ తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయండి. కీలన్నీ చూపించమని ఇన్సూరెన్స్ వాళ్లు అడగొచ్చు, జాగ్రత్తగా తీసి పెట్టుకోండి. ట్రాకర్‌లో చోటు కనిపిస్తున్నా మీరు ఒంటరిగా వెళ్లకండి, ఆ వివరం పోలీసులకు ఇవ్వండి. ఎవరైనా ఎదురుగా నిలబడి బెదిరించి కీ అడిగితే ఇచ్చేసి పక్కకు తప్పుకోండి. పిల్లలు లోపల ఉంటే ఆ మాట గట్టిగా చెప్పి వాళ్లను ముందు దించండి. ఇంటి తాళాలు, గేటు రిమోట్ కారులో ఉండిపోతే ఆ రోజే ఇంటి తాళాలు మార్చి, రిమోట్ కోడ్ తీసేయించండి.

దొంగిలించిన కారును కొందరు ఎక్కడో వీధిలో రోజుల తరబడి వదిలేసి, ట్రాకర్ ఉందేమో, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమో గమనిస్తారు. అందువల్ల చాలా రోజుల తర్వాత కూడా కారు చెక్కుచెదరకుండా దొరకొచ్చు. అలా దొరికితే నేరుగా ఇంటికి తెచ్చి పాత చోటే పెట్టకండి. ముందు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి అన్ని కీలూ చెరిపించి కొత్తగా నమోదు చేయించండి. దొంగ తయారు చేసుకున్న కీ ఇంకా వాడి జేబులోనే ఉండొచ్చు.