ముసలి పిల్లికి మందులు మొదలుపెడుతున్నారా? మొదటి డోసుకి ముందే ఇవి చూసుకోండి

డాక్టర్ దగ్గర్నుంచి మందుల కవరుతో ఇంటికి వచ్చాకే అసలు టెన్షన్ మొదలవుతుంది. అక్కడ బల్ల మీద డాక్టర్ రెండు సెకన్లలో నోరు తెరిచి మాత్ర వేసేస్తారు, ఇంటికొచ్చాక అదే పిల్లి మంచం కింద మూలకి దూరి ఎంత పిలిచినా రాదు. మా చిట్టికి 13 ఏళ్లప్పుడు కిడ్నీ సమస్య, బీపీ రెండూ ఒకేసారి బయటపడ్డాయి. మొదటి వారం దాన్ని తువ్వాల్లో చుట్టి, గట్టిగా పట్టుకుని, ఎలాగోలా మాత్ర మింగించేయాలని చూశాను. నాలుగో రోజుకి నేను వంటగదిలోకి అడుగుపెడితే చాలు, తింటున్న గిన్నె వదిలేసి పారిపోయేది. చాలా జబ్బులకి మందులు నెలల తరబడి, కొన్నిటికి బతికినన్నాళ్లూ వేయాలి. కాబట్టి ఈ పూట మాత్ర లోపలికి పోయిందా అన్నది ఎంత ముఖ్యమో, రేపు అది మన దగ్గరికి వస్తుందా, తిండి తింటుందా అన్నది అంతకంటే ముఖ్యం.

ముందు డోసు సంగతి. పిల్లి బరువు మామూలుగా 4 కిలోలు, 5 కిలోలు ఉంటుంది, మనకి లెక్కలోకి రాని తేడా దానికి ప్రాణం మీదికి తెస్తుంది. సిరప్‌లలో పొరపాటు సాధారణంగా అంకెలోని దశాంశ చుక్క దగ్గరే జరుగుతుంది, 0.1 ఎంఎల్ అని రాసి ఉంటే కంగారులో 1 ఎంఎల్ లాగేస్తాం, అంటే పదింతలు. ఇంకోటి ఎంజీ, ఎంఎల్ ఒకటే అనుకోవడం. ఒక్కో ఎంఎల్‌లో ఎన్ని ఎంజీల మందు ఉందో సీసా మీద రాసి ఉంటుంది, ఆ అంకె మారితే అదే మందు అయినా కొలత మారిపోతుంది. అందుకని కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ పాతదాని పక్కన పెట్టి చదవండి. నేనైతే సిరంజి మీద డాక్టర్ చేతే గీత పెట్టించుకుంటాను. అక్కడ ఉన్నప్పుడే అడిగేయండి, తిండితో ఇవ్వాలా ఖాళీ కడుపునా, పొడి చేయొచ్చా, ఒక పూట మర్చిపోతే ఏం చేయాలి, ఇప్పటికే ఇస్తున్న మందులతో పడుతుందా అని. పొడి చేయడం గురించి తప్పకుండా అడగండి, ఎందుకంటే కొన్ని మాత్రల పై పూత కడుపులో నెమ్మదిగా కరగడం కోసం ఉంటుంది, నూరేస్తే మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది.

మనుషుల మందుల డబ్బా వైపు చెయ్యి పోనివ్వకండి. ఒళ్లు వేడిగా ఉందని పారాసెటమాల్ ముక్క వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మందుని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, ఒక్క మాత్ర చాలు చంపేయడానికి. రక్తం ఆక్సిజన్‌ని మోయలేకపోతుంది, చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. పొరపాటున ఎవరైనా వేసేస్తే లక్షణాలు కనబడేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి, త్వరగా వెళ్తే విరుగుడు ఉంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా వద్దు, కిడ్నీలు అసలే అంతంతమాత్రంగా ఉన్న ముసలి పిల్లికి మరీ ప్రమాదం. అలాగే కుక్కలకి రాసే కొన్ని గోమార్ల మందుల్లో పర్మెత్రిన్ ఉంటుంది, పిల్లికి అది విషం, మూర్ఛలు వస్తాయి. ఇంట్లో అందరికీ ఈ ముక్క చెప్పి ఉంచండి, ముఖ్యంగా మీరు లేనప్పుడు పిల్లిని చూసుకునేవాళ్లకి.

ఇక మాత్ర వేయడం. అది మీకు ఎదురుగా కాకుండా వీపు మీ వైపు ఉండేలా నేల మీదో, ఒళ్లోనో కూర్చోబెట్టుకోండి, వెనక్కి జారిపోవడానికి చోటుండదు. ఎడమ చెయ్యి తల మీదుగా పెట్టి, బొటనవేలు ఒక చెంప ఎముక మీద, మిగతా వేళ్లు రెండో వైపు ఉంచి, తలని కాస్త పైకి ఎత్తండి, కింది దవడ కొంచెం వదులవుతుంది. కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య మాత్ర పట్టుకుని, మధ్యవేలితో కింది ముందుపళ్ల మీద మెల్లగా నొక్కి నోరు తెరవండి. మాత్ర నాలుక మీద మధ్యలో, వీలైనంత లోపలికి పడాలి. నాలుక కొసన పడితే అది ఒక్క తోపుతో బయటికి నెట్టేస్తుంది. నోరు మూసి, తల దించనిచ్చి, గొంతు మీద వేలితో నిమరండి. నాలుక బయటికొచ్చి ముక్కు నాకిందంటే చాలావరకు మింగినట్టే.

చాలావరకు అని ఎందుకంటున్నానంటే, ఒకరోజు సోఫా జరిపి ఊడుస్తుంటే వెనక మూడు మాత్రలు కనబడ్డాయి, అంచులు కరిగి, గరుకుగా, తెల్ల వెంట్రుకలు అంటుకుని. అవి చిట్టి బీపీ మాత్రలు. దవడ పక్కన దాచుకుని, నేను వదలగానే వెళ్లి అక్కడ ఉమ్మేసింది. పిల్లులకి బీపీ అదుపు తప్పితే కంటి వెనక పొర ఊడి ఉన్నట్టుండి చూపు పోవచ్చు, ఆ మాత్రలు చేతిలో పట్టుకుని కూర్చుంటే కాళ్లు చేతులు ఆడలేదు. వెంటనే తీసుకెళ్లి చూపించాం, కళ్లు బాగానే ఉన్నాయి. ఆ రోజు నుంచి మాత్ర వేశాక రెండు నిమిషాలు దాని పక్కనే కూర్చుంటున్నాను.

మాత్ర వేసి, నీళ్లు పట్టించకుండా వదిలేయడం ఇంకో పెద్ద తప్పు. నీళ్లు లేకుండా మింగిన మాత్ర పిల్లి అన్నవాహికలో నిమిషాల తరబడి ఇరుక్కుపోతుంది. డాక్సీసైక్లిన్, క్లిండమైసిన్ లాంటివైతే అక్కడే పుండు చేస్తాయి, ఆ పుండు మానేటప్పుడు అన్నవాహిక సన్నబడి తిండి దిగని పరిస్థితి వస్తుంది. అందుకని మాత్ర వేసిన వెంటనే సూది లేని సిరంజితో 5 నుంచి 6 ఎంఎల్ నీళ్లు నెమ్మదిగా పట్టించండి, లేదా ఇష్టంగా తినేది కొంచెం పెట్టండి.

నీళ్లయినా సిరప్ అయినా తల వెనక్కి వంచి పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తల మామూలుగా ఉంచి, కోరపంటి వెనక ఖాళీలోంచి సిరంజి కొన దూర్చి, చెంప లోపలికి అర ఎంఎల్ చొప్పున వదిలి, మింగాక మళ్లీ వేయాలి. చేదు తగిలితే నోటి వెంట నురగ కారుస్తుంది. మొదటిసారి చూస్తే గుండె ఆగినంత పనవుతుంది కానీ అది చేదు వల్లే, కాసేపటికి తగ్గిపోతుంది. తగ్గకపోతే ఫోన్ చేయండి.

తిండిలో కలిపి పెట్టేవాళ్లు గిన్నెడు తిండిలో ఎప్పుడూ కలపకండి. సగం వదిలేస్తే ఎంత మందు పోయిందో తెలియదు, పైగా ఒక్కసారి ఆ రుచి పట్టేసిందంటే ఆ తిండే మానేస్తుంది. పిల్లి ఒకటి రెండు రోజులు పూర్తిగా తినకపోయినా కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణానికే ముప్పు రావచ్చు, కాబట్టి ఆకలి చెడగొట్టుకోవడం చిన్న నష్టం కాదు. ఒక చెంచాలో చిన్న ముద్ద, ముందు మందు లేనిది, తర్వాత మందు ఉన్నది, వెంటనే మళ్లీ మందు లేనిది, ఇలా పెట్టండి. నిద్రపోతున్నప్పుడు, తింటున్నప్పుడు, మలమూత్రాలకి పెట్టిన మట్టి డబ్బాలో ఉన్నప్పుడు మాత్రం పట్టుకోకండి, అవి దానికి భయం లేని చోట్లుగానే మిగలాలి.

ముసలి పిల్లులకి కీళ్ల నొప్పులు, చిగుళ్ల బాధ చాలా మామూలు, బయటికి మాత్రం కనిపించనివ్వవు. మాత్ర అంటే గొడవ చేస్తోంది అనుకుంటాం, నిజానికి మనం నడుము పట్టుకుని ఎత్తడమే నొప్పి అయ్యుండొచ్చు. నోరు వాసన వస్తున్నా, ఒక పక్కే నములుతున్నా డాక్టర్‌కి చెప్పండి.

థైరాయిడ్‌కి చెవి డొప్ప లోపలి వైపు చర్మం మీద రాసే మందు ఇస్తే చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి, మన చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది, గర్భిణులు దానికి దూరంగా ఉండాలి. ఇన్సులిన్ అయితే సిరంజి రకం సీసాకి సరిపోవాలి, యు-40కి (ఒక్కో ఎంఎల్‌లో 40 యూనిట్లు) వేరు, యు-100కి (100 యూనిట్లు) వేరు. తిండి తినకపోతే మామూలు డోసు వేసేయకండి, ముందు డాక్టర్‌ని అడగండి. వేశామో లేదో గుర్తులేకపోతే రెండోసారి వేయొద్దు. ఇన్సులిన్ వేశాక తూలుతూ, నీరసంగా పడిపోతుంటే రక్తంలో చక్కెర పడిపోయి ఉండొచ్చు, చిగుళ్లకి కొంచెం చక్కెర పాకం రాసి ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. స్టెరాయిడ్ మాత్రలు, తగ్గిందనిపించినా సరే, మీ అంతట మీరు ఆపేయకండి.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ మందు, ఎన్ని గంటలకి, ఎవరు వేశారు, వాంతి అయిందా, ఎంత తింది. ఇంట్లో ఇద్దరు చూసుకుంటుంటే ఇది లేకపోతే ఒకే పూట రెండు డోసులు పడిపోతాయి. వారానికోసారి బరువు చూడండి, 4 కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గిందంటే ఒంట్లో 5 శాతం పోయినట్టు. గాఢనిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టండి, 30 దాటుతూ ఉంటే ఆ రోజే ఫోన్ చేయాలి. నోరు తెరుచుకుని రొప్పుతున్నా, రోజంతా మూత్రం పోయకపోయినా, వెనక కాళ్లు పడిపోయినా తెల్లారేదాకా ఆగకండి, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు ఇప్పుడే రాసిపెట్టుకోండి. మిమ్మల్ని కరిస్తే 15 నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి మీరూ డాక్టర్‌కి చూపించుకోండి, పిల్లి పంటి గాటు పైకి చిన్నగా కనబడినా లోపల చీము పట్టేస్తుంది.

ఇన్ని చెప్పాను కదా, ఒక్కోసారి ఎంత జాగ్రత్తగా చేసినా కుదరదు. చిట్టికి ఒక దశలో రోజుకి ఐదు మందులు ఉండేవి, రోజంతా అది దాక్కోవడం, నేను వెతకడం. చివరికి డాక్టర్‌ని నేరుగా అడిగాను, వీటిలో తప్పనిసరివి ఏవి, లేకపోయినా నడిచేవి ఏవి అని. ఆవిడ రెండు తీసేశారు, ఒకటి మాత్ర బదులు సిరప్‌గా మార్చారు. వారం తిరిగేసరికి అది మళ్లీ సాయంత్రం నా పక్కనే వచ్చి పడుకోవడం మొదలుపెట్టింది. మీకూ అలాంటి పరిస్థితి వస్తే మొహమాటపడకుండా ఆ ప్రశ్న అడగండి, నోటుపుస్తకం కూడా చేతిలో పట్టుకెళ్లండి.