పోలిష్‌తనం వంటబట్టిందో లేదో కనిపెట్టడం ఎలా

పోయిన మే నెల్లో తెనాలి వెళ్ళా. బయట ఎండ మండిపోతోంది, కరెంటు పోయింది, అమ్మ వీధి తలుపూ పెరటి తలుపూ రెండూ బార్లా తీసింది, నేను లేచి వెళ్ళి పెరటి తలుపు మూసేసి "రెండూ తీస్తే మధ్యలో గాలి కొడుతుందమ్మా, మెడ పట్టేస్తుంది" అన్నా. అమ్మ చూసిన చూపు ఇంకా గుర్తుంది. నాన్నైతే "వీడికక్కడ ఎవరో మందు పెట్టారే" అని మళ్ళీ పేపర్లో తల పెట్టాడు.

మందు ఎవరూ పెట్టలేదు, వ్రొత్స్వాఫ్‌లో ఏడేళ్ళు ఉన్నా అంతే. ఎదురెదురు కిటికీలు తీస్తే వచ్చే గాలిని పోలండ్‌లో ప్షెచొంగ్ అంటారు. జలుబు, మెడనొప్పి, చెవిపోటు, అన్నిటికీ ముద్దాయి అదే. జూలైలో కూడా ట్రామ్‌లో ఒకళ్ళు కిటికీ తీస్తే వెనకాల ఇంకొకళ్ళు లేచి మూస్తారు. నేనిప్పుడు ఆ మూసే బ్యాచ్‌లో ఉన్నా. కాబట్టి వార్సా, వూచ్, క్రాకూఫ్ చదువుకోడానికి వచ్చే పిల్లలకీ, పోలిష్ సంబంధం చేసుకున్నవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నా, ఈ లక్షణాలు మీలో ఎంత ముదిరాయో ఎలా చూసుకోవాలి, ముదరకపోతే ఏం చెయ్యాలి అని. (వూచ్ అని రాసింది తప్పు కాదు, మ్యాపులో అక్షరాలు చూసి మనమంతా లోడ్జ్ అంటాం, టికెట్ కౌంటర్లో అలా అడిగితే ఎవరికీ అర్థం కాదు.)

గుమ్మం దగ్గర మొదలెట్టండి. తలుపు తీసినవాళ్ళకి గుమ్మానికి అవతల నుంచే చెయ్యి చాచారా, మీరింకా పచ్చి. గడప మీదుగా షేక్‌హ్యాండ్ ఇస్తే అరిష్టం, లోపలికి రావాలి, లేదా వాళ్ళే బయటికి రావాలి. గడప మీద తుమ్మితే ఆగేవాళ్ళం మనం, దీనికి పెద్దగా కష్టపడక్కర్లేదు. తర్వాత చెప్పులు విప్పడం, అది మనకి పుట్టుకతో వచ్చిందే. కాకపోతే వాళ్ళు ఉత్త కాళ్ళతో తిరగనివ్వరు, చుట్టాల కోసమే ఒక బుట్టలో కాప్చె అని మెత్తటి ఇంటి చెప్పులు పెడతారు, అందులో మీ సైజు ఉండదు, ఉన్నవాటిలోనే కాళ్ళు ఇరికించుకుని మడమలు బయట పెట్టుకుని నడవాలి. వద్దండీ పర్లేదు అన్నారో "నేల చల్లగా ఉంది" అనే ఉపన్యాసం మొదలు.

నేల చల్లదనం అంటే గుర్తొచ్చింది. మార్చిలో ఒకరోజు బస్సు కోసం చూస్తూ సిమెంటు మెట్టు మీద కూర్చున్నా. ముక్కూ మొహం తెలీని ఒక పెద్దావిడ ఆగి మరీ తిట్టింది, లే, తోడేలు పడుతుంది అని. నిజంగా అదే మాట, చల్లటి రాయి మీద కూర్చుంటే విల్క్ అంటే తోడేలు పడుతుందంటారు. నడుము కింద వచ్చే ఏదో బాధ అన్నమాట, దాని గురించి పబ్లిగ్గా అంతకంటే వివరంగా ఎవరూ చెప్పరు. మీకు పరాయి పిల్లల్ని చూసి "టోపీ ఏదిరా" అని అడగాలనిపిస్తోందంటే సగం కోర్సు అయిపోయినట్టే.

పూల సంగతి నేను దెబ్బ తిని నేర్చుకున్నా. నా ఫ్రెండ్ వాళ్ళ బాప్చ్యా (అమ్మమ్మ) ఇంటికి మొదటిసారి పిలిచారు, లుబ్లిన్ దగ్గర ఒక పల్లెటూరు, డజను అయితే నిండుగా ఉంటుందని పన్నెండు గులాబీలు పట్టుకెళ్ళా. ఆవిడ నవ్వుతూ తీసుకుంది, ముద్దు పెట్టుకుంది, వంటింట్లోకి వెళ్ళి అందులోంచి ఒకటి తీసి వేరే గ్లాసులో కిటికీ దగ్గర పెట్టి మిగతా పదకొండు టేబుల్ మీద పెట్టింది. ఒక్క మాట అనలేదు. సరి సంఖ్యలో పూలు చావుకి తీసుకెళ్తారని తర్వాత మావాడు చెప్పాడు. మనం చదివింపుల్లో 116 అని ఆ చివర ఒక్కటి కలుపుతామే, అలా అనుకుని బేసి లెక్క గుర్తుపెట్టుకోండి. చామంతులు మాత్రం అస్సలొద్దు, అవి నవంబరు 1న సమాధుల మీద పెట్టేవి.

ఇక తిండి. ఆదివారం పొద్దున పదకొండు గంటలకి అపార్ట్‌మెంట్లో పైనుంచి డబ్ డబ్ డబ్ అని వినిపిస్తుంది. మొదటి నెల ఎవరో గోడకి మేకులు కొడుతున్నారనుకున్నా, ప్రతి వారం ఎన్ని ఫోటోలు తగిలిస్తారా అని కూడా అనుకున్నా. అది స్హబోవి, పంది మాంసం ముక్కల్ని చెక్క సుత్తితో కొట్టి పల్చగా చేసి గుడ్డులో, బ్రెడ్ పొడిలో దొర్లించి వేయిస్తారు. ఆ చప్పుడు వినగానే మీకు ఆకలేస్తే టెస్టు పాస్. దానికి ముందు రోసూ అని కోడి సూపు సన్నటి సేమియా లాంటిది వేసి ఇస్తారు, అది మిగిలితే సోమవారం అందులో టమాటా వేసి పొమిదొరోవా అనే ఇంకో సూపు చేసేస్తారు. రాత్రి మిగిలిన అన్నం పొద్దున తాలింపు అన్నంగా తిరిగొచ్చినట్టు. పోలిష్ పిల్లల్ని సోమవారం ఇంట్లో ఏం వండారు అని అడగక్కర్లేదు.

బాప్చ్యా దగ్గర "చాలు" అనే మాట పనిచెయ్యదు. మా ఇంట్లో "ఇంకొంచెం, నా మీద ఒట్టు" అన్నట్టే అక్కడ ఒక మంత్రం ఉంది, "మాంసం తినెయ్, దుంపలు వదిలెయ్". పెద్దవాళ్ళు పిల్లలతో అనేదే, ముప్పై దాటిన నాతో కూడా అంది. ప్లేటు ఖాళీ చేస్తే మళ్ళీ నింపుతుంది, వదిలేస్తే వంట నచ్చలేదనుకుంటుంది. నేను కనిపెట్టిన ఉపాయం ఏంటంటే మొదటి వాయి చాలా నెమ్మదిగా తినడం. ఆకలితో వెళ్ళండి, పొద్దున టిఫిన్ చెయ్యకండి.

మాంసం తిననివాళ్ళకి ఒక హెచ్చరిక. పెద్దతరం వాళ్ళకి మాంసం తినను అంటే ఒక్కోసారి హామ్ ముక్క మాంసం లెక్కలోకి రాదు. పియెరోగి రుస్కియె అని అడగండి, మన కజ్జికాయల ఆకారంలో ఉంటాయి, లోపల బంగాళాదుంప, విరిగిన పాల జున్ను, ఉల్లిపాయ, ఉడకబెట్టి ఇస్తారు. కానీ పైన స్క్ఫార్కి అని వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లుతారు, అవి వద్దని ముందే చెప్పాలి. పెరుగు లేక బెంగ పెట్టుకున్నవాళ్ళకి శుభవార్త, ష్యాద్వె మ్లెకో అంటే తోడుకున్న పాలే, మిజెరియా అంటే కీర దోసకాయ పల్చగా తరిగి పుల్లటి మీగడలో కలిపినది, మన పెరుగు పచ్చడికి పెద్దమ్మ కూతురు. తాలింపు ఉండదు, ఏడవకండి. జూరెక్ అని పులిసిన రై అనే ధాన్యం పిండితో చేసే సూపు ఉంది, మా నాయనమ్మ తరవాణి కుండ గుర్తున్నవాళ్ళకి ఆ పులుపు మొదటి గుక్కకే తెలిసిపోతుంది, మిగతావాళ్ళకి టైం పడుతుంది. అందులో గుడ్డూ సాసేజీ తేలుతుంటాయి, శాకాహారులు వాసనతో సరిపెట్టుకోవాలి.

మయొనీజ్ విషయంలో మాత్రం నోరు జాగ్రత్త. వినియారి, కియెలెత్స్కి అని రెండు బ్రాండ్లు, వినియారి వాళ్ళు, కియెలెత్స్కి వాళ్ళు అని దేశం రెండు ముక్కలు. మన దగ్గర హీరోల ఫ్యాన్స్ ఉన్నట్టే. ఉడికించిన క్యారెట్టూ బఠాణీ గుడ్లూ ఊరగాయ దోసకాయలూ చిన్న ముక్కలు చేసి కలిపే సలాడ్ ప్రతి పండక్కీ ఉంటుంది, అందులో ఏది వేశారన్నది ఇంటి పరువు. ఎవరైనా అడిగితే "రెండూ బాగుంటాయి" అని గోడ మీద పిల్లిలా ఉండకండి, ఇద్దరికీ శత్రువులవుతారు. నాది కియెలెత్స్కి, ఇంకా చర్చల్లేవు.

భాషలో చూసుకోవాల్సిన టెస్టు ఒకటే, చిన్నది. వచ్చిన మొదటి వారం ఒక కొలీగ్ నా తరఫున ఇంటి ఓనరుతో ఫోన్లో మాట్లాడుతున్నాడు, "నో... నో, నో... నో" అంటున్నాడు పది నిమిషాలు. నేను అయిపోయింది, ఇల్లు రాలేదు, మళ్ళీ హాస్టలే అని పెట్టె సర్దుకునే మూడ్‌లోకి వెళ్ళిపోయా. ఫోన్ పెట్టేసి తాళాలు రేపు ఇస్తారట అన్నాడు. పోలిష్‌లో నో అంటే ఆఁ, అవును, ఊఁ. ఇప్పుడు మా అమ్మ ఫోన్లో "అన్నం తిన్నావా" అంటే "నో" అంటున్నా, ఆవిడ కంగారు పడిపోతోంది. మిగతా వ్యాకరణం చూసి భయపడకండి, ఏడు విభక్తులు అని ఇంగ్లీషోళ్ళు ఏడుస్తారు గానీ మనం స్కూల్లో డుమువులు, నిన్ నున్ లన్ అంటూ సంబోధనా ప్రథమ దాకా బట్టీ పట్టినవాళ్ళం. పిలిచేటప్పుడు పేరు చివర మారడం కూడా వాళ్ళకుంది. అక్కడక్కడా చుట్టరికం కూడా తగులుతుంది, మాంసం వాళ్ళకి మియెంసో, అగ్ని ఓగియెన్, ఆకాశానికి మనం నభం అంటే వాళ్ళు నియెబో. పెద్దవాళ్ళని పాన్, పానీ అనాలి, మన గారు లాగ, చనువు వచ్చేదాకా నువ్వు అనకూడదు.

"ఎలా ఉన్నారు" అని అడిగితే జాగ్రత్త, నిజంగా చెప్తారు. బాగున్నానండీ అనేది అమెరికా అలవాటు, ఇక్కడ "స్తారా బ్యెదా" అంటారు, అంటే అదే పాత దరిద్రం. తర్వాత మోకాలు, కరెంటు బిల్లు, ప్రభుత్వం వరసగా వస్తాయి. మీరు కూడా ఏదో ఒక నొప్పి రెడీగా పెట్టుకోండి, అన్నీ బాగున్నాయి అంటే అనుమానంగా చూస్తారు. ఆఖర్న "యాకోష్ తో బెంజ్యె" అంటారు, ఎలాగోలా అయిపోతుందిలే అని.

మేరీ క్యూరీ ఫ్రెంచ్ సైంటిస్టు అని ఎవరైనా అన్నప్పుడు మీ బీపీ పెరిగితే ఇక మీకు మందు లేదు. ఆవిడ వార్సాలో పుట్టిన మారియా స్క్వొదోఫ్‌స్కా, ఆ ఇంటిపేరు మింగేస్తే ఒప్పుకోరు. 1795 నుంచి 1918 దాకా, 123 ఏళ్ళు, మ్యాపులో ఆ దేశమే లేదు, ఆ కాలంలో, 1898లో కనిపెట్టిన మూలకానికి ఆవిడ పొలోనియం అని పేరు పెట్టింది. ఇది తెలిశాక వాళ్ళ పట్టుదల మీద జోకులు వెయ్యడం తగ్గించా, మానలేదు. మీరు ఇండియా అంటే కొందరు పెద్దవాళ్ళు చటుక్కున మహారాజు అంటారు, బ్లాంక్‌గా చూడకండి. 1942లో సోవియట్ నుంచి బయటపడ్డ వందలమంది పోలిష్ పిల్లలకి నవానగర్ సంస్థానం రాజు జామ్ సాహెబ్ గుజరాత్‌లోని బాలాచడీలో చోటిచ్చి పెంచాడు, వార్సాలో ఆయన పేర "మంచి మహారాజు" స్క్వేర్ ఉంది. నాకు ఆ సంగతి ఒక ట్యాక్సీ డ్రైవర్ చెప్పేదాకా తెలీదు, సిగ్గేసింది.

పుట్టినరోజు కంటే పేరురోజు, అంటే ఇమియెనిని, పెద్దవాళ్ళకి ముఖ్యం. క్యాలెండర్లో ప్రతి తారీఖుకీ పేర్లుంటాయి, డిసెంబరు 4 అయితే బార్బరాలందరికీ. వెంకట్ అనే పేరు ఏ తారీఖులోనూ లేదు కదా, మా ఆఫీసు వాళ్ళు కూర్చుని ఆలోచించి శబ్దం దగ్గరగా ఉందని నన్ను వాత్స్వాఫ్‌ల ఖాతాలో వేశారు, సెప్టెంబరు 28. ఎవరి రోజైతే వాళ్ళే కేకు తేవాలి ఇక్కడ. పేరు పెట్టింది వాళ్ళు, ఖర్చు నాది.

చిన్నాచితకా లక్షణాలు గబగబా చెప్పేస్తా. విమానం దిగగానే చప్పట్లు కొట్టాలనిపించడం. బాల్టిక్ బీచ్‌లో పొద్దున్నే వెళ్ళి పరావన్ అనే గుడ్డ గోడ పాతి జాగా పట్టుకోవడం, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినవాళ్ళకి ట్రైనింగ్ అవసరం లేదు. టీవీలో ఇంగ్లీషు సినిమాలో హీరో హీరోయిన్ చిన్నపిల్లాడు అందరికీ ఒకే మగ గొంతు పోలిష్‌లో తాపీగా చదువుతుంటే వింతగా అనిపించకపోవడం. లెంట్ (ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు) ముందు వచ్చే ఆఖరి గురువారం నాడు పొంచ్కి, అంటే లోపల జామ్ పెట్టి నూనెలో వేయించిన తీపి బన్నుల కోసం చలిలో క్యూ కట్టడం, ఆ రోజు ఒక్కటైనా తినకపోతే ఏడాదంతా కలిసిరాదట, నేను రిస్క్ తీసుకోను, నాలుగు తింటా. పుట్టగొడుగులు దొరికే చోటు అడిగితే మాట మార్చడం, అది సొంత అల్లుడికి కూడా చెప్పరు.

క్రిస్మస్ ముందు రోజు రాత్రి విగీలియా, పన్నెండు వంటకాలు, మాంసం ఉండదు, చేపుంటుంది. టేబుల్ మీద ఒక ప్లేటు ఎక్స్‌ట్రా, చెప్పకుండా వచ్చే అతిథికి. మొదటి ఏడాది ఆ ప్లేటు ముందు కూర్చుంది నేనే. బతికున్న కార్ప్ చేపని తెచ్చి స్నానాల తొట్టిలో వదిలేసేవాళ్ళమని మావాడు చెప్పాడు, పిల్లలు దానికి పేరు పెట్టుకుని, తర్వాత 24న భోజనం దగ్గర ఏడ్చేవాళ్ళట. దాని పొలుసు ఒకటి పర్సులో పెట్టుకుంటే డబ్బు నిలుస్తుందంటారు. నా పర్సులో ఉంది. నిలవలేదు.

ఆఖరి టెస్టు సీసాలది. సోమవారం వార్సా చేరే రైళ్ళలో, బస్సుల్లో ఇంటి నుంచి అమ్మ పెట్టిన గాజు సీసాలు మోసుకొచ్చేవాళ్ళని వార్సా వాళ్ళు వెక్కిరిస్తూ స్వోయికి అంటారు, సీసాలు అని అర్థం. సంక్రాంతి అయ్యాక విజయవాడ హైవే మీద హైదరాబాద్ వైపు కదిలే డిక్కీలు గుర్తు చేసుకోండి. నేను సూట్‌కేసులో ఆవకాయ సీసాని మూడు కవర్లలో చుట్టి, రెండు ప్యాంట్ల మధ్య పెట్టి తెచ్చిన రోజే మా ఫ్లాట్‌మేట్ చూసి "నువ్వూ స్వోయికే" అని చేతులెత్తి నవ్వాడు. వంటింట్లో కవర్లతో నిండిన కవరు ఒకటి తలుపుకి వేలాడుతుంటుంది, ఫ్రీజర్లో ఐస్‌క్రీమ్ డబ్బా తీస్తే అందులో తరిగిన సోయకూర ఉంటుంది, ఇవి మనకి కొత్త కాదు. కొత్తగా నేర్చుకోవాల్సింది తిరిగిచ్చే పద్ధతి. బాప్చ్యా వెళ్ళేటప్పుడు ఆరు సీసాలు సంచిలో పెట్టింది, దోసకాయలు, పుల్లటి క్యాబేజీ, ప్లమ్ జామ్. రెండు నెలల తర్వాత వెళ్ళినప్పుడు ఐదు తిరిగిచ్చా, ఒకదాన్లో ఆవకాయ నింపి. ఆవిడ రొట్టె మీద వెన్న రాసి దాని మీద ఆవకాయ పెట్టుకుని కళ్ళల్లో నీళ్ళతో మొత్తం తినేసింది, బాగుందని తల ఊపింది, మంచినీళ్ళు తాగింది, మళ్ళీ తాగింది, తర్వాత ఆరోది ఏదని అడిగింది. పగిలిందన్నా. "మూతైనా తేవాల్సింది" అంది.